కాలువ గట్టు మీద చెక్కిన రాయి: ఏమిటిది?

ప్రశ్న (సైకిలు బాటసారి, చీరాల):
పోయిన ఆదివారం అంగుళానికి మైలు లెక్కన గీసిన పాత సర్వే పటం జేబులో పెట్టుకుని పెదగంజాం వెళ్ళాను. కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువలో కలిసే చోటు దాటాక పటంలో 'బి.ఎం.' అని, పక్కన ఓ అంకె ఉంది. సర్కారు తుమ్మల్లో గంట తిరిగి చొక్కా చింపుకున్నాక ఒక రాయి దొరికింది. దానికి గేదెను కట్టేశారు! రాతి మీద జి.టి.ఎస్., నడుమ చదరం, కింద బి.ఎం. మేకలు కాస్తున్న పెద్దాయన "దొర సమాధి బాబూ, కింద వరహాలున్నాయట" అన్నారు. ఒక పక్క గడ్డపార గాట్లు కూడా ఉన్నాయి. ఇంతకీ ఏమిటది? సముద్రం అంత దగ్గరుండగా అసలు కాలువెందుకు తవ్వారు?

విశ్రాంత సర్వేయరు:
వరహాలు లేవు, గడ్డపార దాచమనండి. జి.టి.ఎస్. అంటే గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వే, దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచిన సర్వే. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టిన కొలత. బి.ఎం. బెంచ్‌మార్కు. ఆ చదరం మీద కొలబద్ద నిలబెట్టి సముద్రమట్టానికి ఎంత ఎత్తో తేల్చేవారు. పటంలోని అంకె ఆ ఎత్తే, అడుగుల్లో. ముప్పై ఏళ్ళు ఆ బద్ద పట్టించినవాణ్ణి, అందుకే చెబుతున్నాను: రాయి అంగుళం కుంగినా అంకె అబద్ధమవుతుంది. గేదెకు వేరే గుంజ చూడమనండి.

సరంగు మనవడు:
సముద్రం దగ్గరే, కానీ కెరటాలకు, తుఫాన్లకు నాటుపడవ ఆగుతుందా? ఉప్పు, బియ్యం, కట్టెలు కాలువలో అయితే నిశ్చింతగా మద్రాసు చేరేవి. మద్రాసు నుంచి ఉత్తరంగా తవ్వకం పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళలోనే మొదలైంది. అక్కడ కూవం, అడయారు నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్కను మాత్రం 1877-78లో ధాత కరువు కూలీలు తవ్వారు. ఆ కరువు పనుల్లో కొంతకాలం మగమనిషికి రోజుకు ఒక పౌను (అరకిలో కూడా లేదు) ధాన్యం, ఒక అణా ఇచ్చారు. అది తిని మట్టి మోశారు! పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాంగారిది.

గాలి వాలుంటే తెరచాప, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. మా తాత కుడి భుజం మీద ఆ తాడు ఒరిసి కాసిన కాయను చిన్నప్పుడు వేలితో తడిమి చూసేవాణ్ణి.

సైకిలు బాటసారి:
నిన్న మళ్ళీ వెళ్ళాను. గేదె యజమాని అంతా విని, "అయితే మా దొడ్డి సముద్రానికి ఎంత ఎత్తు?" అని అడిగాడు. పటంలో అంకె చూపించాను. "ఓహో, ఇంతేనా! అందుకే ప్రతి తుఫానుకూ మునుగుతాం" అంటూ గేదె పలుపు విప్పి తుమ్మచెట్టుకు కట్టాడు.