పూర్తికాల మదుపరులుగా పేరు తెచ్చుకున్నవారి తొలి పదేళ్ళు ఎలా గడిచాయి?

ప్రశ్న (తెనాలి ఆడపడుచు)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 28 ఏళ్ళు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకా పెళ్ళి కాలేదు. మూడేళ్ళుగా జీతంలో మిగిలిన డబ్బుతో షేర్లు కొంటూ అమ్ముతూ ఉన్నాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇదే వృత్తిగా పెట్టుకుంటానని, నాన్నగారు అమ్మిన పొలం డబ్బులో తన వాటా 40 లక్షలూ చేతికివ్వమని పట్టుబడుతున్నాడు. షేర్ మార్కెట్‌లో పేరుమోసిన మదుపరి రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా గారు 5,000 రూపాయలతో మొదలుపెట్టి వేల కోట్లు సంపాదించారు కదా, తాను అంతకు 800 రెట్లతో మొదలుపెడుతున్నాను కదా అన్నది వాడి వాదన. నాన్నగారు అవునని అనలేక, కాదని అనలేక, నన్ను కనుక్కోమన్నారు.

ఏ షేరు కొనాలో, మార్కెట్ పెరుగుతుందో లేదో నేను అడగడం లేదు. మార్కెట్‌లో ఇంతటివారైన పెద్దలు మొదటి పదేళ్ళూ ఇంటి ఖర్చులు ఎక్కడి నుంచి వెళ్ళదీశారు, పెద్ద మొత్తాలు పెట్టడానికి వారికి డబ్బు ఎలా సమకూరింది, దెబ్బ తగిలినప్పుడు వారికి ఉన్న ఆసరా ఏమిటి అన్నవి తెలిసినవారు చెబితే, వాడితో కూర్చుని మాట్లాడేటప్పుడు నాకు పనికొస్తుంది. వాడిని తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. వాడు కష్టపడే మనిషే.

సమాధానం (బెజవాడ ఆడిటర్)

అమ్మా, ఆ 5,000 రూపాయల మాట నిజమే. కానీ దాన్ని పట్టుకుని లెక్క వేస్తే మీ తమ్ముడి వాదన నిలవదు.

ఝున్‌ఝున్‌వాలా గారు 1985లో చార్టర్డ్ అకౌంటెన్సీ పూర్తి చేసి మార్కెట్‌లోకి వచ్చారు. అప్పుడు సెన్సెక్స్ (ముంబై షేర్ మార్కెట్ సూచీ) 150 దగ్గర ఉంది. తండ్రి ఆదాయపు పన్ను శాఖలో అధికారి. కొడుకు ఇష్టాన్ని కాదనలేదు గానీ, ముందు వృత్తి విద్య పూర్తి చేయాలనీ, తననూ తన స్నేహితులనూ డబ్బు అడగకూడదనీ కచ్చితంగా చెప్పారు. అంటే మార్కెట్‌లో ఓడిపోయినా సీఏగా బతికే దారి ఆయనకు మొదటి రోజు నుంచే ఉంది.

ఆయనకు తొలి పెద్ద లాభం 1986లో టాటా టీ షేరు మీద వచ్చింది. 43 రూపాయల చొప్పున 5,000 షేర్లు కొని, దాదాపు మూడు నెలలలో 143 రూపాయలకు అమ్మారు. ఈ లెక్కను మీ తమ్ముడి చేతే వేయించండి. 5,000 రూపాయలకు 43 చొప్పున 116 షేర్లు మాత్రమే వస్తాయి, 5,000 షేర్లు కొనాలంటే 2,15,000 రూపాయలు కావాలి. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన అన్నగారు కూడా సీఏ. ఆయన క్లయింట్లలో కొందరి దగ్గర, బ్యాంకు డిపాజిట్ కంటే ఎక్కువ వడ్డీ ఇస్తానని మాట ఇచ్చి ఈయన డబ్బు తీసుకున్నారు. కాబట్టి ఆయన వృత్తి జీవితం వడ్డీకి తెచ్చిన సొమ్ముతో చేసిన ట్రేడింగ్‌తో మొదలైంది. బెడిసికొడితే పోయేది తన 5,000 ఒక్కటే కాదు, అన్నగారి పరువు కూడా పోయేది.

ఇంకో లెక్క చెబుతాను. 2022 ఆగస్టు 14న ఆయన కన్నుమూసే నాటికి ఆస్తి 46,000 కోట్ల రూపాయల దాకా ఉంటుందని అంచనా వేశారు. 5,000 రూపాయలు 37 ఏళ్ళలో అంత కావాలంటే ఏటా 64 శాతం చొప్పున చక్రవడ్డీ రావాలి. అమెరికా మదుపరి వారెన్ బఫెట్ గారి కంపెనీ బెర్క్‌షైర్ హాత్‌వే షేరు 1965 నుంచి 2024 వరకు ఇచ్చినది ఏడాదికి 19.9 శాతం. ఝున్‌ఝున్‌వాలా గారు అడుగుపెట్టిన నాడు 150 ఉన్న సెన్సెక్స్ ఆయన పోయేనాటికి 59,000 దాటింది. అదే 5,000 సెన్సెక్స్‌తో సమానంగా పెరిగి ఉంటే డివిడెండ్లు కాకుండా 20 లక్షల దగ్గర ఆగేది. ఈ రెండింటి నడుమ ఉన్న అగాధాన్ని నింపినవి అప్పు తెచ్చిన డబ్బు, ఏళ్ళ తరబడి చేసిన ట్రేడింగ్ మీద వచ్చిన లాభాలు, ఆ లాభాలను కొద్ది షేర్లలోనే కుమ్మరించిన తెగువ, తర్వాతి కాలంలో స్టార్ హెల్త్ లాంటి కంపెనీలలో అవి మార్కెట్‌లో లిస్ట్ కాకముందే పెట్టిన పెట్టుబడులు. ట్రేడింగ్‌లో సంపాదించిన మూలధనమే పెట్టుబడులకు ఆధారమైందని ఆయనే బహిరంగంగా చెప్పేవారు.

పొగిడే వీడియోలలో చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆప్టెక్ షేర్ల ఇన్‌సైడర్ ట్రేడింగ్ (కంపెనీ లోపలి సమాచారంతో షేర్లు కొని అమ్మడం) వ్యవహారంలో, తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా, ఆయనా కుటుంబ సభ్యులూ మరికొందరూ కలిసి 2021లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి 37 కోట్లకు పైగా చెల్లించి సెటిల్ చేసుకున్నారు. ఆయన సామర్థ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక మనిషి దారిలో నడుద్దామనుకున్నప్పుడు ఆ దారి మొత్తం తెలియాలి.

సమాధానం (ఆజమాబాద్ పాత కాపు)

ఆడిటర్ గారి మాటకు తోడుగా రాధాకిషన్ దమానీ గారి సంగతి చెబుతాను. ఝున్‌ఝున్‌వాలా గారు గురువుగా భావించింది ఆయననే. దమానీ గారు బీకాం మధ్యలో మానేసి బాల్ బేరింగుల వ్యాపారం చేసుకుంటూ, తండ్రి పోయాక అన్నగారితో కలిసి కుటుంబ బ్రోకరేజీలోకి వచ్చారు. ఇంటి ఖర్చులకు ఆధారం ఏమిటన్నది కదా మీ ప్రశ్న? ఆయనకు ఆధారం నడుస్తున్న వ్యాపారమే. 1992లో హర్షద్ మెహతా అనే బ్రోకర్ షేర్ల ధరలను ఎగదోస్తున్నప్పుడు ఈయన ఎదురు నిలిచి షార్ట్ చేశారు, అంటే ధర పడుతుందన్న లెక్కతో చేతిలో లేని షేర్లను ముందే అమ్మారు. కుంభకోణం బయటపడడంతో గెలిచారు గానీ, ఆ పరుగు ఇంకొంతకాలం సాగి ఉంటే ఆయన పరిస్థితి తలకిందులయ్యేదని ఆ రోజులు చూసిన చాలామంది చెబుతారు.

మా హైదరాబాద్‌తో ఆయనకు ఒక సంబంధం ఉంది. చార్మినార్ సిగరెట్ తయారుచేసిన ఆజమాబాద్ వజీర్ సుల్తాన్ టొబాకో, అంటే నేటి వీఎస్‌టీ ఇండస్ట్రీస్‌లో 2001లో వాటా కోసం ఆయన ఓపెన్ ఆఫర్ (వాటాదారులందరి దగ్గరా ఫలానా ధరకు షేర్లు కొంటామన్న బహిరంగ ప్రకటన) ఇస్తే, ఐటీసీ వైపు నుంచి పోటీ ఆఫర్ వచ్చింది. అంత పెద్ద సంస్థ పోటీకి దిగినా వెనక్కి తగ్గకుండా, దక్కిన వాటాను ఏళ్ళ తరబడి అట్టే పెట్టుకున్నారు. ఫ్యాక్టరీ గోడ పక్కన పెరిగిన మాలాంటివారికి ఆ కంపెనీ అంటే షిఫ్టు సైరను, పొగాకు వాసన. ఆయనకు మాత్రం అది పెద్దగా కొత్త పెట్టుబడి అడగకుండా ఏటా డివిడెండ్ ఇచ్చే వ్యాపారం.

అయినా నేడు ఆయన ఆస్తిలో సింహభాగం షేర్లు కొని అమ్మడం వల్ల వచ్చినది కాదు, 2002లో ముంబైలోని పవాయ్‌లో తెరిచిన మొదటి డీమార్ట్ దుకాణంతో మొదలైన వ్యాపారం నుంచి వచ్చినది. ఎక్కువ దుకాణాలకు భవనాలు సొంతంగా కొనుక్కోవడం, సరుకు ఇచ్చినవారికి త్వరగా డబ్బు కట్టి తక్కువ ధర రాబట్టడం అనే పద్ధతి మీద అది నిలబడింది. 2017 మార్చిలో 299 రూపాయల చొప్పున ఐపీఓకు (ప్రజలకు తొలిసారి షేర్లు అమ్మడానికి) వచ్చిన ఆ షేరు లిస్టయిన రోజే రెట్టింపు దాటింది. ఐపీఓకు వెళ్ళేదాకా పదిహేనేళ్ళు ఆయన చేసింది కిరాణా వ్యాపారం.

సమాధానం (డాలస్ నుంచి)

అమెరికాలో పేరుమోసిన ఫండ్ మేనేజర్ పీటర్ లించ్ గారు వృత్తి జీవితమంతా జీతగాడే. గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ళ సంచులు మోసే క్యాడీగా పనిచేస్తూ పరిచయాలు పెంచుకుని, 1966లో ఫండ్ల సంస్థ ఫిడెలిటీలో వేసవి శిక్షణకు చేరి, 1969 నుంచి అనలిస్ట్‌గా పనిచేశారు. ఆ సంస్థ మాగెల్లాన్ ఫండ్ ఆయన చేతికి వచ్చింది 1977లో. 1990లో 46 ఏళ్ళకే తప్పుకునేదాకా ఏటా సగటున 29 శాతం రాబట్టారు. నష్టం వచ్చిన నెలలో కూడా జీతం ఆగలేదన్న సంగతి ఇక్కడ ముఖ్యం.

బఫెట్ గారు 1956లో పార్ట్‌నర్‌షిప్ మొదలుపెట్టినప్పుడు ఆ డబ్బులో ఎక్కువ భాగం బంధుమిత్రులది. తర్వాతి ఏళ్ళలో 6 శాతం దాటిన లాభంలో నాలుగోవంతు ఆయనకు వెళ్ళేది. ఆ తర్వాత బీమా కంపెనీలు కొన్నారు. ప్రీమియం ముందు వస్తుంది, క్లెయిమ్ తర్వాత కట్టాలి. ఆ నడుమ చేతిలో ఉండే సొమ్ము 2024 చివరికి 17,100 కోట్ల డాలర్లకు చేరింది. మార్కెట్ పడినప్పుడు ఫోన్ చేసి వెనక్కి అడగలేని డబ్బు అది. పొలం డబ్బు అలాంటిది కాదు; రేపు నాన్నగారికి ఆపరేషన్ అంటే ఆ రోజు ధర ఎంతుంటే అంతకు అమ్ముకోవాల్సిందే.

సమాధానం (దాదర్ లోకల్)

నేను ముంబైలో రీసెర్చ్ అనలిస్ట్‌గా పనిచేస్తున్నాను. పై మిత్రులు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు గానీ, ఇదంతా చదివిన అబ్బాయికి డబ్బున్నవాళ్ళకే ఇది సాధ్యమన్న అర్థం తగిలితే అన్యాయం. అప్పు చాలామంది తెస్తారు, ఒకరిద్దరే గెలుస్తారు. ఆ తేడా ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి.

టైటాన్‌నే తీసుకోండి. ఝున్‌ఝున్‌వాలా గారు దాన్ని 3 రూపాయలకు కొన్నారని అందరూ రాస్తారు. 2011లో ఆ కంపెనీ 10 రూపాయల ముఖవిలువ గల షేరును పది ముక్కలు చేసి, దానికి తోడు ఒకటికి ఒకటి చొప్పున ఉచితంగా బోనస్ షేర్లు ఇచ్చింది. పాత షేరు ఒకటి ఇరవై అయింది. కాబట్టి ఆ 3 రూపాయలంటే 2002-03 నాటి మార్కెట్‌లో 60 రూపాయల దాకా అన్నమాట. ఆనాడు అది హోసూరులో వాచీలు చేసే కంపెనీగానే జనానికి తెలుసు, తనిష్క్ నగల మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుందన్న నమ్మకం మార్కెట్‌లో పెద్దగా లేదు. స్వచ్ఛత పరీక్షించని బంగారాన్ని నమ్మకంతో కొనే మన ఇళ్ళలో, స్వచ్ఛతకు పూచీ పడే దుకాణం ఎంత దూరం వెళ్ళగలదో ఊహించడానికి 40 లక్షలు అక్కర్లేదు, చూపు కావాలి. ఆ తర్వాత 2008లో సెన్సెక్స్ 21,000 నుంచి 8,000 కిందికి పడినప్పుడు కూడా ఆయన ఆ షేరును వదలలేదు. బఫెట్ గారి సహచరుడు చార్లీ మంగర్ గారి పార్ట్‌నర్‌షిప్ 1973లోనూ, 1974లోనూ వరుసగా 30 శాతానికి పైగా పోగొట్టుకుని కూడా నిలదొక్కుకుంది. ఇవి నేర్చుకోదగిన గుణాలే.

మీ తమ్ముడికి నిజంగా దీని మీద ప్రేమ ఉంటే, లించ్ గారి దారి మన దేశంలోనూ ఉంది. సెబీ స్థాపించిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం వారి రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష ఉద్యోగం చేస్తూనే రాయవచ్చు. బ్రోకరేజీలలో, మ్యూచువల్ ఫండ్ సంస్థలలో సాఫ్ట్‌వేర్ తెలిసి, బ్యాలెన్స్ షీట్ కూడా చదవగల మనుషులకు చోటు ఉంది. మొదట జీతం తగ్గుతుంది, కానీ పని నేర్పేవారు పక్కనే ఉంటారు.

ప్రశ్న అడిగినవారు (తెనాలి ఆడపడుచు)

అందరికీ ధన్యవాదాలు. టాటా టీ లెక్క నిన్న రాత్రి వాడి చేతే వేయించాను. కాసేపు మాట్లాడలేదు గానీ, కోపగించుకోలేదు. మాటల మధ్యలో ఆప్షన్లు కూడా చేస్తున్నానని చెప్పాడు. లాభమా నష్టమా అంటే మొత్తం మీద పర్వాలేదంటున్నాడు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

సమాధానం (బెజవాడ ఆడిటర్)

పర్వాలేదు అన్న మాటను అంకెలలోకి మార్చమనండి. 2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు చూసి సెబీ వెల్లడించిన దాని ప్రకారం, ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లు, అంటే షేర్ల రాబోయే ధరల మీద చేసే ఒప్పందాలు) ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. మీ తమ్ముడు మిగిలిన 7 శాతంలో ఉండవచ్చు. అది తేలేది కాగితం మీదే.

బ్రోకర్ యాప్‌లో ట్యాక్స్ పీ అండ్ ఎల్ (లాభనష్టాల పట్టిక) అనే రిపోర్టు ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం దొరుకుతుంది. మూడేళ్ళవీ తీయమనండి. అందులో డెలివరీ షేర్లు (కొని ఉంచుకున్నవి), ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మినవి), ఎఫ్ అండ్ ఓ విడివిడిగా ఉంటాయి. బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) వంటి ఛార్జీలు కూడా తీసేశాక ఎంత మిగిలిందో చూడాలి. తర్వాత జీతంలోంచి ఏ నెల ఎంత వేశాడో ఆ తేదీలనే తీసుకుని, అదే డబ్బు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ సూచీలోని 50 పెద్ద కంపెనీల షేర్లన్నీ కొనే ఫండ్) వేసి ఉంటే ఈరోజు ఎంతయ్యేదో పక్కన రాయమనండి. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఎక్సెల్‌లో గంట పని. మూడేళ్ళలోనూ ఇండెక్స్‌ను దాటి ఉంటే, దాదర్ మిత్రుడు చెప్పిన పరీక్షకు ఫీజు కట్టించండి. ఉద్యోగం, పొలం డబ్బు మాత్రం ఇప్పటికి కదపవద్దు.

ఇంకో మాట. ఎఫ్ అండ్ ఓ లావాదేవీలను వ్యాపార ఆదాయం కింద ఐటీఆర్-3లో చూపించాలి. జీతం ఒక్కటే చూపిస్తూ ఐటీఆర్-1 వేస్తూ వచ్చాడేమో ముందు అడగండి. నష్టం ఉంటే గడువులోగా రిటర్ను వేసినప్పుడే దాన్ని ఎనిమిదేళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళే వీలుంటుంది. రిపోర్టులు అర్థం కాకపోతే పేరు, పాన్ నంబరు తీసేసి అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.