మహానౌక ఒక్కటా, చిన్న బోట్ల దండా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మనం కలిసి రాసుకుంటున్న ఊహా అంతరిక్ష నౌకాదళం ‘మహోదధి’ కోసం పోయినవారం సిల్క్‌సిటీ అన్న ఒక డిజైన్ పెట్టారు. 3 లక్షల టన్నుల మహానౌక ఒక్కటి, దాని మీద 100 మెగావాట్ల లేజర్, పొట్టలో 40 ఫైటర్లు. శని వలయాల కాపలా మొత్తం దానికే అప్పగిద్దామన్నారు. నేను ఒప్పుకోను. దానికి బదులు చిన్న బోట్ల దండు పెడదాం.

మా నాన్న సాలూరు నుంచి లారీ మీద సుంకి ఘాటీ ఎక్కి కొరాపుట్ వెళ్లేవారు. సెలవుల్లో నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. ఫుల్ లోడుతో సగం ఘాటీ ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత ముట్టుకునేది. బండి పక్కకి తీసి, వెనక చక్రం కింద రాయి పెట్టి, తడి గోనెసంచి రేడియేటర్ మూత మీద కప్పి, మొహం పక్కకి తిప్పుకుని కొద్దికొద్దిగా మూత వదులు చేసేవారు. బుస్సున ఆవిరి వచ్చేది. అది చల్లబడేదాకా ఇంజన్‌లో ఎంత సత్తా ఉన్నా బండి కదిలేది కాదు.

అంతరిక్షంలో ఆ ఘాటీ గాలి కూడా ఉండదు. వేడి అంతా రేడియేటర్ పలకల నుంచి కిరణాలుగానే పోవాలి. లేజర్ సామర్థ్యం 40 శాతం అనుకుందాం. 100 మెగావాట్ల కిరణం బయటికి వెళ్తే 150 మెగావాట్ల వేడి నౌకలోనే మిగులుతుంది. 27 డిగ్రీల దగ్గర చదరపు మీటరు పలక ఒక్కో వైపు నుంచి వదిలేది మహా అయితే 460 వాట్లు. రెండు వైపులా లెక్కేసినా 40 ఎకరాల పలక కావాలి! అదే పలకని 927 డిగ్రీలకి కాలిస్తే 16 సెంట్లు చాలు. కెల్విన్ లెక్కలో (డిగ్రీలకి 273 కలిపితే 300, 1,200) ఉష్ణోగ్రత 4 రెట్లయితే వదిలే వేడి 256 రెట్లవుతుంది మరి. కానీ లేజర్ లోపలి భాగాలు అంత వేడికి బతకవు. అంటే ఈ పలకల రెక్కలు పెద్దవిగా ఉండక తప్పదు. నౌకకి ఎంత మందం కవచమైనా తొడగొచ్చు, రెక్కలకి తొడగలేం. శత్రువు కొట్టేది వాటినే. పైగా నౌక పొడవు రెట్టింపైతే లోపలి ఘనపరిమాణం 8 రెట్లు పెరుగుతుంది, పైచర్మం 4 రెట్లే పెరుగుతుంది. పెద్దదయ్యేకొద్దీ చల్లబరచడం కష్టమే.

సిల్క్‌సిటీ (బరంపురం):
తమ్ముడూ, వేడి లెక్క బాగా వేశావు. అద్దం లెక్క వదిలేశావు. లేజర్ ఎంత దూరం పనిచేస్తుందో చెప్పేది దాని కిరణాన్ని కూడగట్టి గురిపెట్టే అద్దం వెడల్పే. 1 మైక్రాన్ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి తీసుకో. 10 మీటర్ల అద్దంతో 10,000 కిలోమీటర్ల దూరాన కిరణం పడే చుక్క వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు వస్తుంది. 1 మీటరు అద్దంతో అదే దూరాన 24 మీటర్లు. అంటే అదే శక్తి 100 రెట్ల వైశాల్యం మీద పలచబడుతుంది, కోసే పదును పోతుంది. నీ చిన్న బోట్లు పదొచ్చినా ఇరవై వచ్చినా నా అద్దం వాటిని దూరం నుంచే ఒక్కొక్కటిగా కాలుస్తుంది. 10 మీటర్ల అద్దాన్ని వణుకు లేకుండా పట్టుకోవాలంటే బరువైన నౌక కావాలి. నేను మహానౌక అడిగింది అందుకే, గొప్ప కోసం కాదు.

నాగావళి (రాయగడ):
ఫైటర్ల గురించి ఒక్క మాట. క్షిపణికి ఒకసారి వేగం అందుకుంటే చాలు. ఫైటర్ వేగం అందుకోవాలి, ఆగాలి, వెనక్కి వేగం అందుకోవాలి, మళ్లీ ఆగాలి. ఒక్కో విడత వేగం ఇంజన్ పొగ వేగంతో సమానం అనుకుంటే, 1 టన్ను సరుకుకి క్షిపణి బయల్దేరే బరువు 2.7 టన్నులు. ఫైటర్‌కి దాదాపు 55 టన్నులు. పైలట్ తిరిగొచ్చేందుకు కట్టే ధర అది. ఫైటర్లు తీసేయండి.

ఇంకోటి, దేన్ని మహానౌక అనాలి, దేన్ని బోటు అనాలి అని టన్నులు పట్టుకుని కొట్టుకోవద్దు. ఫ్రిగేట్ అంటే డిస్ట్రాయర్ కన్నా చిన్న యుద్ధనౌక అనుకుంటాం. మన మహేంద్రగిరి కొండ పేరున్న భారత నౌకాదళ ఫ్రిగేట్ 2023 సెప్టెంబర్ 1న ముంబైలో జలప్రవేశం చేసింది, 6,600 టన్నుల పైమాటే. పాత రాజ్‌పుత్ తరగతి డిస్ట్రాయర్లు 5,000 టన్నుల లోపే. నౌకకి పేరొచ్చేది చేసే పనిని బట్టి.

సిల్క్‌సిటీ (బరంపురం):
ఫైటర్లు తీసేశాను. అద్దం మాత్రం ఉంటుంది.

గోపాలపూర్ తెప్ప:
మాది వేటకెళ్లే ఇల్లు. మా తాతది తెప్ప, మా చిన్నాన్నది మరబోటు. తెప్ప అంటే దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కట్టింది. ఒడ్డున విరిగే అల మీద పడితే నీళ్లు దుంగల సందుల్లోంచి కారిపోతాయి, మునగదు. లోపలి సముద్రం ఎంత పెద్దదైనా పడవ రూపాన్ని తేల్చేది ఆ నాలుగు అలలు దాటడమే. మన నౌకకి ఆ అల ఏదో ముందు తేల్చుకోవాలి. మహేంద్రతనయ వేడి అంటున్నాడు. నాకూ అదే అనిపిస్తోంది.

మరబోటు ఎన్ని రోజులు వేటలో ఉంటుందో మా చిన్నాన్న డీజిల్‌ని చూసి చెప్పరు, ఐసు చూసి చెబుతారు. దిమ్మలు కొట్టి గదిలో నింపుకున్న ఐసు అయిపోయిందంటే వల నిండకపోయినా వెనక్కి రావలసిందే. శని వలయాల్లో ఉన్నది ఎక్కువగా నీటి ఐసే కదా! చిన్న బోటు 10 టన్నుల ఐసు నింపుకుని, రెక్కలు ముడుచుకుని పోరాడలేకపోతుందా?

1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీదికి వెళ్లిన మన నౌకాదళం నిపాత్, నిర్ఘాత్, వీర్ కూడా చిన్న క్షిపణి బోట్లే. అంత దూరం వాటి ఇంధనం చాలదని కొంత దారి లాక్కెళ్లారు. తమకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ని ముంచి వచ్చాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అన్నా, రాత్రి మీ ఐసు లెక్క వేసేదాకా నిద్ర పట్టలేదు. కిలో ఐసు కరిగించి, మరిగించి, ఆవిరిగా వదిలేస్తే సుమారు 3,000 కిలోజౌళ్ల వేడి తీసుకుపోతుంది. బోటులో పుట్టే వేడి 15 మెగావాట్లనుకుంటే 10 టన్నుల ఐసు 2,000 సెకన్లు వస్తుంది, అంటే 33 నిమిషాలు. మహానౌక 150 మెగావాట్లకి అదే ఐసు 200 సెకన్లే.

సిల్క్‌సిటీ (బరంపురం):
ఆవిరి వదిలితే కనిపించిపోతారుగా? బోటు పక్కకి తోసుకుపోదూ?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
చల్లటి ఆకాశం ముందు వెచ్చటి నౌక ఎలాగూ దాగదు. తోపుకి ఎదురుబొదురుగా రెండు గొట్టాలు పెడదాం. మీ అద్దం మీద మాత్రం నేను ఓడిపోయాను. అద్దం లేకుండా బోట్లు దగ్గరికి చేరలేవు. కాబట్టి అద్దాన్ని మనుషుల్లేని ఒక నౌకలో పెట్టి వెనక నిలుపుదాం. కవచం వద్దు, ఫైటర్లు వద్దు, రెక్కలు నిండుగా చాచుకుంటుంది. దూరం నుంచి వచ్చే క్షిపణుల్ని అది కాలుస్తుంది. బోట్లని కొంత దారి ఇంకో తల్లినౌక లాక్కెళ్లి వదులుతుంది.

సిల్క్‌సిటీ (బరంపురం):
మనుషుల్లేని అద్దానికి నేను ఇంకా ఒప్పుకోలేదు. అద్దం పక్కకి జరిగితే సరిచేసేది ఎవరు? దాని మీద వేరే రాస్తాను. బోట్లకి సరే.

గోపాలపూర్ తెప్ప:
33 నిమిషాల్లో తిరుగుదారికి ఎంత ఉంచుతున్నావు? ఆఖరి దిమ్మ దాకా వేటాడితే చేప కుళ్లి ఒడ్డుకొస్తుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
సగం. నౌకల పట్టికలో ‘టన్నులు’ అన్న గడి తీసేసి ‘ఐసు సెకన్లు’ అని పెడుతున్నాను. బోటుకి 1,000 పోరాటానికి, 1,000 తిరుగుదారికి.