చవక వైన్ బాగోదా, లేక మనమే దాన్ని పాడు చేస్తున్నామా? (శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు చెప్పండి)

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, మొహమాటం లేకుండా అడిగేస్తున్నాను. పోయినేడాది కాలిఫోర్నియాలో మా చిన్నమ్మ కొడుకు ఇంట్లో ఆరు నెలలు ఉన్నాను. అక్కడ కిరాణా సరుకులకి వెళ్తే టమాటాలు, పాలు, బ్రెడ్డు దాటగానే వైన్ సీసాల వరస ఉంటుంది. అయిదారు డాలర్లది ఒకటి బుట్టలో వేసుకుని, రాత్రి అన్నంతో చెరో గ్లాసు తాగి, మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేసేవాళ్ళం. చార్లెస్ షా అని ఒక చవక వైన్ ట్రేడర్ జోస్ అనే కిరాణా కొట్లలో దొరుకుతుంది, 2002లో మొదలైనప్పుడు ధర రెండు డాలర్ల లోపే. 2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో దాని షార్డనే అనే తెల్ల వైన్ డబుల్ గోల్డ్ పతకం కొట్టింది, న్యాయనిర్ణేతలకి సీసా కనపడకుండా పోసి పెట్టే పోటీలో. అంటే చవకది బాగుండొచ్చు, అది తేలిపోయిన సంగతే.

ఇక మన ఊరు. మా పెళ్ళిరోజుకని ఒక వైన్ షాపులో తెల్ల వైన్ కొన్నాను. మన వైన్ షాపులో వైన్ అడిగితే కుర్రాడు ఒకసారి ఎగాదిగా చూసి, పైఅరలో ట్యూబులైటు పక్కన నిలబెట్టిన సీసా దించి, గుడ్డతో దుమ్ము తుడిచి ఇచ్చాడు. సీసా చేతికి వెచ్చగా తగిలింది. ఇంటికొచ్చి తీస్తే లేత పసుపు ఉండాల్సింది నువ్వులనూనె రంగులో ఉంది, వాసన కోసి వదిలేసిన ఆపిల్ ముక్కలా ఉంది. మా ఆవిడ ఒక్క గుక్కకే గ్లాసు పక్కన పెట్టేసింది. మా బావ అన్నమాట: "చవకది కదా, అలాగే ఉంటది." ఈ మాట నేను ఒప్పుకోలేకపోతున్నాను. తప్పు ధరదా, ఆ పైఅరదా? ఏసీ ఉన్న సూపర్‌మార్కెట్లో అమ్మితే ఈ బాధ తప్పుతుంది కదా?

టెక్కలి_కుర్రోడు:
అన్నా, నువ్వు అక్కడి చవకని ఇక్కడి చవకతో కలిపేస్తున్నావు. బయటి దేశం వైన్ మీద మనకి 150 శాతం దాకా దిగుమతి సుంకం ఉంది, ఆ పైన రాష్ట్రం పన్నులు, షాపు వాడి కమిషన్. అక్కడ అయిదు డాలర్ల సీసా ఇక్కడికి వచ్చేసరికి మన ఇంటి వారం రోజుల కూరగాయల ఖర్చు దాటిపోద్ది. ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది, సుంకం తగ్గింది అని అందరూ సంబరపడ్డారు కదా, అందులో అయిదు డాలర్ల కంటే తక్కువ ధర సీసాకి తగ్గింపే లేదు. చవకదాన్ని పన్నే చంపేసింది, ఇంక పైఅర ఏటి, కిందఅర ఏటి.

ఇంకో మాట. 2024 అక్టోబర్‌లో మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చినప్పటి నుంచి క్వార్టర్ 99 రూపాయలకి దొరుకుతోంది. పక్కన బీరుంది, అది చల్లగా ఇస్తారు. వందలు పోసి కొన్న వైన్ బాగుంటుందో లేదో తెలియదు. నెలకి 15 వేలు జీతం వచ్చేవాడు ఆ జూదం ఎందుకు ఆడాలి? నన్నడిగితే మంచిది కావాలంటే ఖరీదుది కొనాలి, లేదంటే మానెయ్యాలి.

గంటస్తంభం (విజయనగరం):
తమ్ముడూ, పన్ను గురించి నువ్వు చెప్పింది నిజమే. కానీ అది బయటి సీసాల సంగతి. నాసిక్ చుట్టుపక్కల తయారయ్యే వైన్‌కి ఆ 150 శాతం లేదు. నేను తొమ్మిదేళ్ళు విశాఖలో హోటల్ బార్‌లో చేశాను, ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను. నా చేత్తో తీసిన సీసాల లెక్క మీద చెప్తున్నాను, చవక సీసా ఎక్కువగా పాడయ్యేది తయారీలో కాదు, దారిలోనూ షాపులోనూ.

వైన్ పచ్చడి లాంటిది కాదు, పెరుగు లాంటిది అనుకోండి. దానికి 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలి. 30 దాటిన చోట నెలల తరబడి ఉంటే పళ్ళ వాసన చచ్చిపోయి ఉడికిన వాసన పడుతుంది. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా మూసిన షట్టర్ వెనకాల ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. విస్కీ, బ్రాందీలలో ఆల్కహాల్ 42 శాతం పైన ఉంటుంది కాబట్టి ఆ వేడికి తట్టుకుంటాయి. వైన్‌లో ఉండేది 12, 13. షాపు వాళ్ళకి రెండూ సీసాలే, రెంటినీ ఒకలాగే పెడతారు.

నాగావళి గారూ, మీ సీసా మీద సంవత్సరం చూశారా? నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి మధ్యలో అయిపోతుంది, యూరప్‌లో లాగ సెప్టెంబర్‌లో కాదు. చవక తెల్ల వైన్ తయారైన ఏడాది, ఏడాదిన్నరలో తాగేయాలి. దాచుకుంటే పెరిగేది కాదు. లేబుల్ మీద రెండు మూడేళ్ళ కిందటి అంకె కనిపిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. మెలితిప్పే మూత ఉన్నది అడగండి. బెరడు బిరడా అయితే వేడికి అది పైకి తోసుకొస్తుంది, రేకు కింద ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది, పక్కల నుంచి జిగురుగా కారిన మరక కూడా ఉంటుంది. అలాంటిది వద్దని చెప్పడానికి మొహమాటపడకండి.

పాలకొండ_అప్ప:
సీసా ఎలా ఎంచుకోవాలో చెప్తున్నారు, బాగుంది. నాకు ఆ సంగతితో గొడవ లేదు. సూపర్‌మార్కెట్లో పెట్టాలన్న మాట దగ్గరే నాకు మంట.

నేను సారా ఉద్యమం రోజుల్లో పెరిగాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెడితే మా పాలకొండ దాకా ఆ మాట వచ్చింది. 1993 అక్టోబర్‌లో సారా ఆపారు, 1995లో మొత్తం మద్యమే ఆపారు, 1997లో మళ్ళీ తెరిచారు. మా నాన్న ఆ రెండేళ్ళు ఇంటికి జీతం తెచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ తేలేదు. ఇది నాకు ఎవరో చెప్పిన కథ కాదు.

ఆడది ఊళ్ళో భయం లేకుండా వెళ్ళే చోట్లు ఎన్ని? గుడి, బడి, ఆస్పత్రి, కిరాణా కొట్టు. అందులో కిరాణా కొట్టు కూడా సీసాలకి ఇచ్చేయమంటారా? 21 ఏళ్ళు నిండనివాళ్ళకి అమ్మకూడదని చట్టం ఉంది, బిల్లు కొట్టే పిల్లకే పంతొమ్మిదేళ్ళు ఉంటాయి, ఆ పిల్ల ఎదటివాడిని వయసు అడగగలదా? మహారాష్ట్రలో 2022 జనవరిలో మంత్రివర్గం సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మొచ్చని తీర్మానించింది. అన్నా హజారే నిరాహార దీక్ష చేస్తానన్నారు, ఊరూరా గొడవైంది, అమలు కాలేదు. ద్రాక్ష పండించే రాష్ట్రంలోనే సాగని పని మనకెందుకు? వైన్ ఆరోగ్యం అని కూడా ఎవరూ అనకండి, ఎంత తక్కువైనా ప్రమాదం లేని మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పేసింది.

నాగావళి_గట్టు:
అప్పా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బిల్లు కొట్టే అమ్మాయి సంగతి నాకు అస్సలు తట్టలేదు. అమెరికాలో నా వెంట్రుకలు సగం తెల్లబడ్డా కూడా లైసెన్సు చూపించమని అడిగేవారు, ఆ అడగడం అక్కడ అలవాటైపోయింది, ఇక్కడ అడిగితే కొట్లాటకి వస్తారు. సూపర్‌మార్కెట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏసీ కోసం అన్నాను తప్ప పిల్లల చాక్లెట్ల పక్కన పెట్టమని కాదు.

టెక్కలి తమ్ముడికి మాత్రం ఒక జవాబు చెప్పాలి. "మంచిది కావాలంటే ఖరీదుది కొనాలి" అన్నావు. అమెరికాలో ఆరు వేలకి పైగా రుచి పరీక్షలు పోగేసి, ధర చెప్పకుండా జనానికి పోసి చూశారు, 2008లో ఆ లెక్కలు వచ్చాయి. మామూలు జనం ఖరీదైనదాన్ని ఎక్కువ మెచ్చుకోలేదు, నిజానికి కొంచెం తక్కువే మెచ్చుకున్నారు. అదే ఏడాది అక్కడి కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకోటి చేశారు. ఒకే వైన్‌ని రెండు ధరలు చెప్పి ఇస్తే, ఎక్కువ ధర చెప్పినప్పుడు బాగుందన్నారు, మెదడు స్కాన్‌లో కూడా ఆ సంతోషం కనపడింది. కాబట్టి మనం కొంత ధరనే తాగుతున్నాం.

టెక్కలి_కుర్రోడు:
సరే అన్నా, అది ఒప్పుకుంటాను. కానీ ఆ పరీక్షల్లో పోసింది పాడవని వైన్. మన దగ్గర పరీక్ష పెడితే చవకదీ ఖరీదుదీ రెండూ ఉడికిపోయే ఉంటాయి. నా డబ్బు పోకూడదన్నది నా బాధ. నేనూ ఒకసారి మా ఫ్రెండ్స్‌తో ఎర్ర వైన్ కొన్నాను, పోర్ట్ అని రాసుంది, దగ్గు మందులా తియ్యగా ఉంది. అప్పటి నుంచి వైన్ అంటేనే విరక్తి.

గంటస్తంభం:
అదిగో, మన వైపు సగం మందికి వైన్ మీద అయిష్టం అక్కడే పుట్టింది. అసలు పోర్ట్ పోర్చుగల్ డోరో లోయలోది, వైన్ పులుస్తుండగా ద్రాక్ష సారా కలిపి ఆపేస్తారు, అది వేరే రకం. మన షాపుల్లో ఆ పేరుతో వచ్చేది ఎక్కువగా తీపి కలిపిన ఎర్ర వైన్. అది తాగి వైన్ ఇంతేనా అనుకుంటే, రంగునీళ్ళ జ్యూస్ తాగి మామిడిపండు ఇంతేనా అన్నట్టే.

మొదటిసారి వాళ్ళకి నేను ఎర్రది ఇవ్వను. చవక ఎర్ర వైన్‌లో వగరు ఎక్కువ ఉంటుంది, నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేసినట్టు. మన కూరల్లో కారం, ఆ వగరు, ఆల్కహాల్ మూడూ కలిస్తే నోరు భగ్గుమంటుంది. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ అడగండి, నాసిక్ కంపెనీ సూలా వాళ్ళది చాలా ఊళ్ళలో దొరుకుతుంది, కొంచెం తీపి ఉంటుంది, ఆ తీపి కారాన్ని అణుస్తుంది. చేపల పులుసులో చింతపండు పులుపు ఉంటుంది కదా, వైన్‌లో కూడా అంత పులుపు ఉంటేనే నిలబడుతుంది, లేకపోతే పులుసు ముందు నీళ్ళలా అయిపోతుంది. సావిన్యాన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల వైన్‌కి ఆ పులుపుంది, దాన్ని వేయించిన చందువ మీద నిమ్మకాయ పిండుకునే బదులు తాగండి, మీకే తెలుస్తుంది.

చల్లదనం ఇంకా ముఖ్యం. బకెట్లో ఐసు, నీళ్ళు, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి సీసా మెడ దాకా ముంచితే పావుగంటలో చల్లబడుతుంది, ఉత్తి ఐసు ముక్కల్లో పెడితే అంత తొందరగా చల్లబడదు. ఎర్రదాన్ని గది వేడిలో తాగాలని పుస్తకాల్లో రాస్తారు, ఆ గది యూరప్‌లోది, 18 డిగ్రీలుంటుంది. మన గది 33. కాబట్టి ఎర్రదైనా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయాల్సిందే.

ఉద్దానం_జీడి:
నాకు వైన్ సంగతి పెద్దగా తెలియదు. మీరు వగరు అంటుంటే మా తోటే గుర్తొచ్చింది. పలాస చుట్టూ జీడితోటలు, పిక్క కోసుకుని పండు చెట్టుకిందే వదిలేస్తాం. ఏప్రిల్‌లో తోటలోకి వెళ్తే ఆ పళ్ళు పులిసిన వాసన దూరం నుంచే వస్తుంది, ఈగలు, తేనెటీగలు ముసురుతుంటాయి. గోవాలో అదే పండు పిండి, పులియబెట్టి, బట్టీ పెట్టి ఫెనీ చేస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. మనం ఇక్కడ ఆ పండుని మట్టిలో కలిపేసి, ఎక్కడో నాసిక్ నుంచి లారీలో ఎండలో ఉడుకుతూ వచ్చే సీసా బాగుందా లేదా అని కొట్టుకుంటున్నాం. చవకగా, తాజాగా కావాలంటే పక్క తోటలోంచే రావాలి. సీతంపేట వైపు జీలుగు కల్లు తాగినవాళ్ళు ఉంటే చెప్పండి, పొద్దున్నే దించింది తాగితే దాని ముందు ఏ సీసా పనికొస్తుంది?

పాలకొండ_అప్ప:
తమ్ముడూ, ఆ పండుతో జామ్, జ్యూస్ చెయ్యొచ్చు కదా, ప్రతి పండూ పులియాల్సిందేనా. వగరు పోవడానికి కొంచెం ఉప్పునీళ్ళలో వేసి తింటాం మేము, చిన్నప్పటి నుంచీ. గంటస్తంభం అన్నకి ఒక మాట: మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ కొనేవాళ్ళకే చెప్తున్నారు, అమ్మేవాడికి ఎవరు చెప్తారు? లైసెన్సు ఉన్న షాపులోనే వైన్‌కని ఒక చల్లటి బీరువా పెట్టుకోమనండి. బీరుకి పెట్టలేదా? నా కిరాణా కొట్టు నాకు వదిలేయండి.

నాగావళి_గట్టు:
అప్ప చెప్పిన మాటే పట్టుకుని నిన్న మళ్ళీ వెళ్ళాను, ఈసారి డే అండ్ నైట్ జంక్షన్ అవతల ఇంకో షాపుకి. పైఅర సీసా వద్దని, వెనక గదిలో విప్పని పెట్టె ఉందేమో చూడమన్నాను. కుర్రాడు విసుక్కోలేదు, లోపలికెళ్ళి వెతికి షెనిన్ బ్లాంక్ తెచ్చాడు. మెలితిప్పే మూత, నిరుడు సంవత్సరం అంకె, సీసా చేతికి వేడి తగల్లేదు. సాయంత్రం ఉప్పు వేసిన ఐసు బకెట్లో పావుగంట ముంచాను, మూత తిప్పితే టక్‌మని విడింది. రంగు లేత పసుపే, పలచటి గడ్డిరంగు. వాసన జామకాయ కోసినట్టు. నెత్తళ్ళ వేపుడుతో తాగాం. మా ఆవిడ గ్లాసు పక్కన పెట్టలేదు, ఇంకొంచెం పొయ్యమంది. పోయినసారి కొన్నదాని కంటే ఇది తక్కువ ధర.

సగం సీసా ఇంకా ఫ్రిజ్ తలుపులో ఉంది, రేపటికి ఎలా ఉంటుందో చూసి రాస్తాను. షాపు ఆయనతో కూడా మాట్లాడాను. బీరు ఫ్రిజ్‌లో కిందఅర ఒకటి వైన్‌కి ఇవ్వండి, నేనూ నా స్నేహితులూ నెలకి నాలుగైదు కొంటాం అన్నాను. "నెలకి నాలుగే అయితే ఆ అరలో బీరు పెట్టుకుంటే నాకు లాభం సార్, పదిమంది అడిగితే చూస్తాను" అన్నాడు. ఆయన లెక్క ఆయనది. శ్రీకాకుళంలో ఇంకో ఆరుగురు ఎవరైనా అడిగేవాళ్ళు ఉంటే ఇక్కడే చెప్పండి, కలిసి వెళ్దాం.

టెక్కలి_కుర్రోడు:
నన్ను ఒకణ్ణి రాసుకో అన్నా. చేప నేను తెస్తాను.