అప్‌డేట్: థండర్‌ఫ్యూరీకి కావలసిన ఎలిమెంటియం కడ్డీలు సిద్ధమయ్యాయి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో థండర్‌ఫ్యూరీ అనే అరుదైన ఖడ్గానికి కావలసిన విండ్‌సీకర్ బంధనాలు రెండూ లభించాక, ఆ ఖడ్గపు క్వెస్టు ఇచ్చే పాత్ర డెమిట్రియన్ కోరిన 10 ఎలిమెంటియం లోహపు కడ్డీలను ఖనిజం నుంచి ఎలా తయారుచేయాలని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు, ఖడ్గం పూర్తయింది.

ఫలించిన సూచన ఇది: బ్లాక్‌వింగ్ లెయిర్ అనే స్థావరంలోని శత్రుపాత్ర క్రిక్సిక్స్‌ను మా బృందంలోని ప్రీస్ట్ (పూజారి పాత్ర ఆడేవారు) మైండ్ కంట్రోల్ మంత్రంతో వశపరచుకొని, మైనింగ్ తెలిసిన మా సభ్యునికి అతనిచేతనే ఎలిమెంటియం కరిగించే విద్య నేర్పించారు. ఒక్కో కడ్డీకి 1 ఎలిమెంటియం ఖనిజం, 10 ఆర్కనైట్ కడ్డీలు, 1 ఫియరీ కోర్, 3 ఎలిమెంటల్ ఫ్లక్స్ ఖర్చవుతాయి కనుక, మొత్తం 100 ఆర్కనైట్ కడ్డీలను ముందునుంచే కూడబెట్టుకోవాలి. అసలు శ్రమంతా అక్కడే. కడ్డీల తయారీకి బ్లాక్‌స్మితింగ్ (కమ్మరి వృత్తి) కూడా అవసరమేమోనని చర్చ జరిగింది గాని, అవసరం లేదని తేలింది.

అగ్నిదొర రాగ్నరోస్ సారాన్ని కూడా డెమిట్రియన్‌కు అప్పగించాక, సిలిథస్ ఎడారిలో ‘విండ్‌సీకర్’ థండరాన్ ప్రత్యక్షమవుతాడు. ఖడ్గం దక్కాలంటే అతన్ని ఓడించాలి కనుక, రెయిడ్ బృందం (కలిసి పోరాడే పెద్ద జట్టు) సిద్ధంగా ఉండాలి. గాలిదొర ఆల్‌అకిర్ కుమారుడైన అతన్ని రాగ్నరోస్ కబళించి, మిగిలిన సారాన్ని బంధించిన తాయెత్తును రెండుగా చీల్చి తన సేనానులైన గార్‌కు, బారన్ గెడ్డన్‌కు పంచిపెట్టాడన్న కథ తెలిసినవారికి, బంధనాలు ఆ ఇద్దరి దగ్గరే ఎందుకు దొరుకుతాయో అర్థమవుతుంది. ఈ ఆటలో కథ, క్వెస్టు ఇంత చక్కగా అతికిన ఆయుధం మరొకటి లేదని నా అభిప్రాయం.