రోజూ బండి మీద బతికేవాడికి సరిపడే రక్షణ గేర్ ఎందుకు లేదు? తప్పు తయారీదార్లదా, మనదా?

పల్నాడు_రూట్

నేను మందుల కంపెనీ రెప్‌ని. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల లైను నాది. 125 సీసీ బండి, రోజుకి తక్కువలో తక్కువ 90 కిలోమీటర్లు. మొన్న జనవరిలో పిడుగురాళ్ల దాటాక, లారీ మీంచి రాలిన కంకర మీద ముందు చక్రం జారింది. వేగం నలభై కూడా లేదు. ఫుల్ ఫేస్ హెల్మెట్ ఉంది కాబట్టి గడ్డం దగ్గర గీత పడి తల దక్కింది. అరచేతులు రెండూ, కుడి మోకాలు, మోచెయ్యి మాత్రం తోలు లేచిపోయాయి. మూడు వారాలు అన్నం నా చేత్తో కలుపుకోలేకపోయాను, మా ఆవిడే ముద్దలు పెట్టింది.

గాయాలు మానాక గేర్ కొందామని గుంటూరు, విజయవాడ తిరిగాను, నెట్‌లోనూ వెతికాను. నాకు కనపడినవి రెండే రకాలు. ఒకటి లడఖ్ వెళ్లేవాళ్ల కోసం కుట్టిన జాకెట్: నల్లటి మందపాటి బట్ట, లోపల వాన పొర, దాని లోపల చలి పొర, ఏడెనిమిది వేల నుంచి మొదలు. రెండోది రోడ్డు పక్కన కర్రకి వేలాడదీసి అమ్మే ప్లాస్టిక్ మోకాలి చిప్పలు, జత 250. వాటి పట్టీ మూడో రోజుకే సాగిపోయి చిప్ప కాలి పిక్క మీదకి దిగింది.

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి రెంటచింతలలో ఆ నల్ల జాకెట్ వేసుకుని తిరగడం మనిషి వల్ల అయ్యే పని కాదు. నాకు కావాల్సింది ఫార్మల్ ప్యాంటు లోపల ఇమిడిపోయే మోకాలి రక్షణ, తుంటి ఎముకకి ఒక మెత్త, గాలాడే గ్లోవ్స్, మడిచి బ్యాగులో పెట్టుకోగల తేలిక చొక్కా. ఇవి అడిగితే షాపుల్లో నా మొహం వింతగా చూశారు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. అందులో టూరింగ్‌కి పోతున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? పాలవాడు, టీచరు, నాలాంటి రెప్పు, పొలం నుంచి వస్తున్న రైతు వీళ్లే కదా ఎక్కువ. వీళ్లని కస్టమర్‌గా ఒక్క కంపెనీ కూడా చూడటం లేదన్నది నా వాదన. కాదంటే చెప్పండి.

పుత్లీబౌలి_షాప్

అన్నా, నీ దెబ్బ సంగతి చదివి మస్తు బాధైంది. కానీ దుకాణం దిక్కు నుంచి గూడ విను. మాది 22 ఏండ్ల దుకాణం. కరోనాకు ముందు నేనే ధైర్యం చేసి మెష్ (వల బట్ట) జాకెట్లు పన్నెండు, మంచి మోకాలి గార్డులు ఇరవై జతలు తెచ్చి పెట్టిన. రెండేండ్లల్ల నాలుగు జాకెట్లు పోయినయ్. గార్డులు ఆరు జతలు. మిగిలినయ్ దుమ్ము పట్టి, కొన్న ధర కంటె తక్కువకు ఇచ్చేసిన.

హెల్మెట్‌కు వచ్చేటోళ్ల మొదటి మాట 'చలాన్ పడకుంటె చాలు, తక్కువల ఇయ్యి'. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ తయారు చేసుడు, అమ్ముడు రెండూ నేరమే. అయినా ఫుట్‌పాత్ మీద నకిలీ మార్కు హెల్మెట్లు నడుస్తనే ఉన్నయ్, ఎందుకంటె కొనేటోళ్లున్నరు. కొత్త బండితోని ఐఎస్ఐ హెల్మెట్ ఇయ్యాలని కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌ల రాసి ఉంది. చానామంది ఆ హెల్మెట్ వద్దు, ఆ పైసలు బిల్లుల తగ్గియ్యమంటరు. తలకాయకే పైసలు పెట్టనోడు మోకాలికి పెడ్తడా? అడిగేటోడు ఉంటె సరుకు దానంతట అదే వస్తది.

బెజవాడ_స్కూటీ

షాపు అన్నయ్యగారూ, అడిగేవాళ్లు లేరన్నారు కదా, అడిగినప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను. నేను టీచర్ని, రోజూ స్కూటీ మీద బెంజి సర్కిల్ దాటి వెళ్తాను. నాలుగు షాపుల్లో లేడీస్ గ్లోవ్స్ అడిగాను. మూడు చోట్ల 'అవి రావు మేడం, ఇవి ట్రై చేయండి' అని మగవాళ్ల ఎం సైజు చేతిలో పెట్టారు. వేలి కొసన అర అంగుళం ఖాళీ బట్ట. బ్రేకు లివరు మీద అది మడత పడితే ఏమవుతుందో ఆలోచించండి. నాలుగో షాపులో పిల్లల సైకిల్ గ్లోవ్స్ చూపించారు. ఆ తర్వాత నేను ఎక్కడా అడగలేదు. మీ లెక్కలో నేను 'అడగని కస్టమర్'ని అయిపోయాను.

హెల్మెట్ సంగతి ఇంకోటి. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ వెనక భాగం తల మీద కూర్చోదు, ముందుకి వాలి కళ్ల మీదకి వస్తుంది. జడ వేసుకుంటే మెడ దగ్గర పట్టీకి అడ్డం. దేశంలో ఇన్ని లక్షల మంది ఆడవాళ్లు స్కూటర్లు నడుపుతుంటే, మన జుట్టు ఎలా ఉంటుందో చూసి హెల్మెట్ వెనక భాగం మలిచినవాళ్లు నాకైతే కనపడలేదు. రంగు మార్చి పువ్వు బొమ్మ వేసి లేడీస్ మోడల్ అంటున్నారు.

ఇక వెనక కూర్చునే మా అమ్మ. చీర, ఒక పక్కకి కూర్చోవడం. వెనక చక్రం సగమైనా కప్పే గార్డు, పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలని రూల్ ఉంది, బండితో అవి వస్తున్నాయి కూడా. అంటే చీర కట్టుకున్న మనిషి బండెక్కుతుందని చట్టానికి తెలుసు. గేర్ కుట్టేవాళ్లకి తెలీదు. పిల్లల సంగతి కూడా అంతే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్, నడిపేవాళ్లకి కట్టే బెల్టు ఉండాలని 2022లో రూల్ వచ్చింది. మా అక్క కొడుకు తలకి సరిపడే ఐఎస్ఐ హెల్మెట్ దొరకడానికి మాకు రెండు నెలలు పట్టింది.

లాంగ్‌రైడ్_బెంగళూరు

మేడం చెప్పిన సైజుల సమస్య నిజం, దానితో వాదన లేదు. కానీ పల్నాడు అన్నతో ఒప్పుకోను. మీకు తెలియకపోవడం, మార్కెట్లో లేకపోవడం ఒకటి కాదు. రైనాక్స్, వయాటెర్రా, రాయిడా లాంటి మన దేశపు కంపెనీలు పదేళ్ల క్రితం ఊహించలేని గేర్ చేస్తున్నాయి. చొక్కా లోపల వేసుకునే వల చొక్కాలున్నాయి, భుజం, మోచేతుల దగ్గర ఆర్మర్‌తో, అంటే దెబ్బని ఆపే మెత్తతో. మోకాలి స్లీవులున్నాయి. వెతకాలి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, అంతే.

నా దృష్టిలో అసలు లోటు లేబుల్ దగ్గర ఉంది. యూరప్‌లో ఈఎన్ 17092 అనే ప్రమాణం ఉంది. జాకెట్‌ని, ప్యాంటుని ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని వర్గాలు చేస్తారు. ముందుగా నేలకి రాసుకునే చోట్ల బట్ట ఎంత వేగం మీద ఈడ్చినా చిరగకుండా ఉండాలో అందులో ఉంది: ఏకి గంటకి 45 కిలోమీటర్లు, డబుల్ ఏకి 70, ట్రిపుల్ ఏకి 120. లోపలి ఆర్మర్‌కి ప్రమాణం వేరే, ఈఎన్ 1621. మన దగ్గర చాలా జాకెట్ల మీద 'సీఈ లెవెల్ 2' అని (సీఈ అంటే యూరప్ గుర్తు) పెద్దగా రాసి ఉంటుంది. అది లోపలి మెత్తకి వచ్చిన సర్టిఫికెట్. పైన బట్టకీ, కుట్టుకీ ఏమీ ఉండకపోవచ్చు. భుజం కుట్టు విడిపోతే మెత్త ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. హెల్మెట్‌కి ఐఎస్ 4151 అనే మన ప్రమాణం తప్పనిసరి చేశాం, జాకెట్‌కి, గ్లోవ్స్‌కి అలాంటి తప్పనిసరి మార్కు లేదు. ఎనిమిది వేలు పెట్టేవాడికి కూడా తను ఏం కొంటున్నాడో తెలియదు. ముందు అది సరిచేయాలి, చవక గేర్ తర్వాత. లేకపోతే చవక పేరుతో ఫుట్‌పాత్ హెల్మెట్ కథే మళ్లీ మొదలవుతుంది.

మెల్‌బోర్న్_నుంచి

లేబుల్ మీద లాంగ్‌రైడ్ గారు చెప్పినదానికి ఒక ఆధారం ఇస్తాను. ఇక్కడ ఆస్ట్రేలియాలో లిజ్ డి రోమ్ అనే పరిశోధకురాలి బృందం ప్రమాదాల్లో పడిన 212 మంది రైడర్లని పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించింది. గేర్ వేసుకున్నవాళ్లు ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం తగ్గింది. కానీ పడినప్పుడు జాకెట్లలో దాదాపు 30 శాతం, ప్యాంట్లలో 28, గ్లోవ్స్‌లో 26 శాతం చిరిగో విడిపోయో విఫలమయ్యాయి. డబ్బు పెట్టి కొన్న, బైకుల కోసమే చేసిన గేర్ సంగతి ఇది. ఆర్మర్ వల్ల ఎముకలు విరగడం తగ్గిందని మాత్రం ఆ పరిశీలనలో తేలలేదు. చర్మం, కండ దెబ్బలకి గేర్ బాగా పనిచేసింది. పల్నాడు గారికి తగిలినవి సరిగ్గా అవే.

2018 నుంచి ఇక్కడ మోటోక్యాప్ అని నడుస్తోంది. ప్రభుత్వ సంస్థలూ, రైడర్ల సంఘాలూ కలిసి పెట్టుకున్నది. షాపులో గేర్‌ని మామూలుగా కొని, పరీక్షించి, చుక్కలు (స్టార్ రేటింగ్) ఇచ్చి ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెడతారు. నాకు నచ్చిన సంగతి ఏంటంటే, రక్షణకి చుక్కలు వేరు, వేడికి ఎంత గాలాడుతుందన్నదానికి చుక్కలు వేరు. రెంటచింతలకి అవసరమైన లెక్క అదే కదా.

ఒక చవక మాట కూడా చెప్పాలి. అదే పరిశీలనలో, బైకు బూట్లు కాకపోయినా చీలమండ పైదాకా వచ్చే మామూలు బూట్లు వేసుకున్నవాళ్లకి, పొట్టి షూస్, జాగర్లు (పరుగు షూస్) వేసుకున్నవాళ్ల కంటే దెబ్బల ముప్పు సగానికి పైగా తగ్గింది.

పల్నాడు_రూట్

బూట్ల సంగతి మంచి మాట చెప్పారు. ఫ్యాక్టరీ పనివాళ్లు వేసుకునే సేఫ్టీ షూస్ ఐఎస్ఐ మార్కుతో మా ఊళ్లోనే తొమ్మిది వందలకి దొరుకుతున్నాయి, చీలమండ పైదాకా వస్తాయి. అవి వేసుకుంటే?

లాంగ్‌రైడ్_బెంగళూరు

చెప్పుల కంటే వెయ్యి రెట్లు నయం. ఒక్కటి చూసుకోండి. ముక్కు దగ్గర ఇనుప టోపీ మందం వల్ల గేర్ లివర్ కింద కాలు దూరకపోవచ్చు. షాపు బయట బండి స్టాండు వేసి, గేర్లు మార్చి చూశాకే కొనండి. లేసులు ఎడమ పక్కకి వేలాడకుండా లోపలికి దోపండి.

డెలివరీ_మియాపూర్

అందరికీ నమస్తే. నేను ఫుడ్ డెలివరీ చేస్త, మూడేండ్లాయె. రోజుకు పన్నెండు గంటలు బండి మీదనే. మాకు ఇచ్చేది రంగు టీషర్టు, వీపు మీద సంచి. ఆ టీషర్టు పల్చటి బట్ట, పడితె నిమిషం ఆగదు. వాన కోటు కావాలంటె మా పైసల్లనే కోత.

ఎనిమిది వేల జాకెట్ అంటె నాకు పది రోజుల కష్టం, పెట్రోలు తీసేసినంక. ఒక్కసారి కట్టలేను. ఫోన్ వాయిదాల మీద దొరుకుతది, బండి వాయిదాల మీద దొరుకుతది, మోకాలి గార్డు దొరకదు. వారానికి వంద చొప్పున పట్టుకుని ఇస్తమంటె మా దోస్తులు చానామంది తీసుకుంటరు. మేం ఒక్క హైదరాబాద్‌లనే ఎన్ని వేల మందిమి ఉన్నం, మమ్మల్ని చూసి సరుకు చేసేటోడు లేడు.

ఇంకో ముచ్చట. గ్లోవ్స్ వేసుకుంటె ఫోన్ పని చెయ్యదు. నేను రోజుకు అరవై డెబ్బై సార్లు ఫోన్ ముట్టుకోవాలె. ఫోన్‌కు పని చేస్తదని అమ్మే గ్లోవ్ కొన్న, నెలకే వేలి కొస పని మానేసింది. అందుకే ఎవ్వరం వేసుకోం. ఖర్మ అని కాదు, దానితోని పని నడవదు.

బెజవాడ_స్కూటీ

తమ్ముడూ, నువ్వు చెప్పిన వాయిదాల మాట అందరి మాటల కంటే గట్టిది. వేలి కొస సంగతికి నేను చేసింది చెప్తాను: కుడి చేతి చూపుడు వేలు, బొటనవేలు కొసలు కోసి, అంచు పోగులు రాకుండా దర్జీ దగ్గర కుట్టించుకున్నాను. అరచేతి మెత్త చెక్కు చెదరలేదు. పడేటప్పుడు ముందు ఆనేది అరచెయ్యే కదా.

లాంగ్‌రైడ్_బెంగళూరు

కొత్త గ్లోవ్‌ని కోయడం నాకు నచ్చదు, కుట్టు మొత్తం బలహీనపడొచ్చు. కానీ అసలు వేసుకోకపోవడం కంటే మేలు, అంతవరకు ఒప్పుకుంటాను.

పల్నాడు_రూట్

రెండు రోజులు ఆలోచించాను. షాపు అన్న చెప్పినదాంట్లో నిజం ఉంది, మా ఆఫీసులో పన్నెండు మందిలో పడకముందు గేర్ గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు, నాతో సహా. కానీ ఆయన తెచ్చిన పన్నెండు జాకెట్లు కూడా టూరింగ్ జాకెట్లే అయ్యుంటాయి. మాకు పనికిరానిది పెట్టి, మేం కొనలేదు కాబట్టి మాకు అక్కర్లేదంటే ఎలా? స్కూటీ మేడం నాలుగు షాపుల్లో అడిగారు. ఆ నాలుగు అడగడాలూ ఏ కంపెనీ లెక్కల్లోకీ ఎక్కలేదు.

పన్ను సంగతి కూడా చూడండి. 2025 సెప్టెంబరులో 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. హెల్మెట్ మీద అప్పుడూ ఇప్పుడూ 18 శాతమే. 2,500 దాటిన దుస్తులకి 12 నుంచి 18కి పెంచారు. బండి చవకైంది, బండి మీద మనిషిని కాపాడేది చవక కాలేదు. దీన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను.

లాంగ్‌రైడ్ గారి మాట విని మోకాలి స్లీవులు తెప్పించాను, 1,900 అయింది, మెత్త లెవెల్ 1. ఫార్మల్ ప్యాంటు లోపల పడుతోంది, కాకపోతే నా తొడకి బిగుతు, రెండు గంటలకి ఎర్రగా చార పడుతోంది. మా దర్జీతో ఒక ప్యాంటుకి లోపల జేబు కుట్టించి ఆ మెత్త అందులో పెట్టాను. బైకు మీద కూర్చున్నప్పుడు మోకాలి చిప్ప మీదే ఉండాలంటే జేబు నిలబడినప్పటి కొలత కంటే రెండు అంగుళాలు కిందకి రావాలి. మొదటి ప్యాంటు అది తెలీక పాడైంది, రెండోది కుదిరింది. కుట్టు కూలి 150.

పుత్లీబౌలి_షాప్

అన్నా, నువ్వన్నది కరెక్టే, అవి లోపల వాన పొర ఉన్న జాకెట్లే. గట్ల ఆలోచించలే. ఆ మెత్తలు ఒక్కటే విడిగ దొరుకుతయ్, నాకు తెప్పించుడు కష్టం గాదు, జాకెట్ అంత పెట్టుబడి గూడ పడదు. లాంగ్‌రైడ్ తమ్మీ, అసలు సర్టిఫికెట్ మెత్తను ఎట్ల గుర్తు పట్టాల్నో రాయి. స్కూటీ మేడం, మీ చెయ్యి కొలత చెప్పుండ్రి, అరచెయ్యి చుట్టు ఎన్ని సెంటీమీటర్లు.

లాంగ్‌రైడ్_బెంగళూరు

మెత్త మీదే అచ్చు వేసి ఉంటుంది షాపు అన్నా, స్టిక్కర్ కాదు. ఈఎన్ 1621-1 అని, హెల్మెట్ వేసుకున్న రైడర్ బొమ్మ, పక్కన మోకాలికి కే, మోచేతికి ఈ, తుంటికి హెచ్ అనే ఇంగ్లీషు అక్షరం, కింద లెవెల్ 1 లేదా 2. లెవెల్ 1 అయితే దెబ్బలో లోపలికి వెళ్లే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకూడదు, లెవెల్ 2 అయితే 20. అచ్చు లేనిది పది రూపాయలకి ఇచ్చినా తేవద్దు.

బెజవాడ_స్కూటీ

17 సెంటీమీటర్లు. మా స్కూల్లో ఇంకో ఆరుగురు బండి మీద వస్తారు, రేపు టేపు పట్టుకెళ్లి వాళ్లవి కూడా కొలిచి ఇక్కడే పెడతాను.