గోమాంట్ 130 ఏళ్ళుగా ‘ఆగకుండా’ నడుస్తోందా? కాదనేవాళ్ళు ముందుకు రండి

రీలుబాబాయి:
ప్రపంచంలో అన్నిటికంటే పాత సినిమా కంపెనీ ఏదంటే మనవాళ్ళు టక్కున హాలీవుడ్ పేరు చెప్పేస్తారు. యూనివర్సల్ పుట్టింది 1912లో. పారిస్‌లో గోమాంట్ పెట్టింది 1895 ఆగస్టు 10న. లూమియేర్ సోదరులు టిక్కెట్ పెట్టి జనానికి బొమ్మ చూపించింది ఆ ఏడాది డిసెంబర్ 28న, అంటే గోమాంట్ అంతకన్నా ముందే అన్నమాట. లియోన్ గోమాంట్ తను పనిచేస్తున్న కెమెరాల షాపునే తీసుకుని కంపెనీ చేశాడు. డబ్బు పెట్టినవాళ్ళలో గుస్తావ్ ఈఫిల్ కూడా ఉన్నాడు. అవును, ఆ టవర్ ఈఫిలే.

మనకేంటి అంటారా? తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య గారు 1910 ప్రాంతంలో ఫోటో స్టూడియో తాకట్టు పెట్టి మద్రాసుకి తెప్పించిన క్రోనోమెగాఫోన్, అంటే బొమ్మతో పాటు శబ్దం వినిపించే యంత్రం, ఈ గోమాంట్ మిషనే. మొన్నమొన్నటి ‘ఊపిరి’ దేనికి రీమేక్? 2011లో గోమాంట్ తీసిన ‘ది ఇన్‌టచబుల్స్’కి. ఒక్క ఫ్రాన్స్‌లోనే 1.9 కోట్లకు పైగా టిక్కెట్లు తెగిన సినిమా అది.

130 ఏళ్ళుగా ఆగకుండా నడుస్తున్న ఏకైక సినిమా కంపెనీ గోమాంట్. నా మాట ఇదే.

పాప్‌కార్న్:
కూర్చున్నా. కానివ్వండి.

లెక్కలపంతులు:
బాబాయి గారూ, అంతా బాగుంది గానీ ‘ఆగకుండా’ అన్న దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 1930లో గోమాంట్‌ని ఓబెర్, ఫ్రాంకో-ఫిల్మ్ అనే రెండు కంపెనీలతో కలిపేశారు. లియోన్ గోమాంట్ ఆ టైముకి తప్పుకున్నాడు. ఆ కలిపిన కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి 1930ల మధ్యలో దివాలా తీసింది. 1938లో హవాస్ అనే వార్తల, ప్రకటనల సంస్థ వచ్చి కొత్త కంపెనీ పెట్టి మిగిలింది తీసుకుంది. ఆ కంపెనీ పేరులోనే ‘కొత్త’ అని ఉంది. దివాలా తీసిన కంపెనీ వేరు, పెట్టిన కంపెనీ వేరు. లెక్క ప్రకారం ఇప్పటి గోమాంట్ వయసు 1938 నుంచి చూడాలి.

రీలుబాబాయి:
పంతులు గారూ, బోర్డు మీద పేరు అదే. బొమ్మకి ముందు వచ్చే డైసీ పువ్వు అదే. ఆ పువ్వు ఎందుకో తెలుసా, లియోన్ తల్లి పేరు మార్గరీట్, ఫ్రెంచ్‌లో ఆ పువ్వు పేరూ అదే. ఇప్పటికీ వాడుతున్నారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

లెక్కలపంతులు:
పువ్వు బ్యాలెన్స్ షీటులోకి రాదండి.

గుంటూరు_మిర్చి:
పంతులు గారు 😂😂

ఓటీటీరాజా:
నాకు తెలిసిన గోమాంట్ ‘నార్కోస్’, ‘లుపాన్’ తీసినోళ్ళు. రెండూ అదిరిపోతాయి. ఏ ఏడాది పుట్టారో మనకెందుకు బ్రో?

డెన్మార్క్‌_నుంచి_దాసు:
మా ఊళ్ళో నార్డిస్క్ అనే సినిమా కంపెనీ ఉంది. 1906లో పెట్టారు. ‘ఆగకుండా’ అనే మాట వాళ్ళూ చెప్పుకుంటారు. పంతులు గారి లెక్కే కరెక్టయితే కప్పు మాకు ఇచ్చేయండి.

అసోసియేట్_స్వాతి:
మధ్యలో ఒక మాట. 1895 నుంచి లెక్కేస్తున్నారు కదా, ఆ మొదటి పన్నెండేళ్ళు అక్కడ సినిమాలు తీసిందెవరో ఒక్కరూ చెప్పలేదేం? ఆలిస్ గీ. 1894లో ఆ షాపులో సెక్రటరీగా చేరింది. కెమెరా ఎలా పనిచేస్తుందో చూపించడానికి వీధులూ రైళ్ళూ తీసి కస్టమర్లకి చూపించేవాళ్ళు. ఆవిడ, "కథ పెట్టి తీస్తే బాగుంటుంది, నేను తీస్తా" అని అడిగింది. ఓనరు సరేనన్నాడు, ఆఫీసు పనికి ఇబ్బంది రాకూడదని షరతు పెట్టి. క్యాబేజీల్లోంచి పిల్లల్ని తీసే దేవకన్య సినిమా అలా పుట్టింది. తర్వాత కంపెనీలో నిర్మాణమంతా ఆవిడ చేతి మీదే నడిచింది.

రీలుబాబాయి:
ఆ సినిమా 1896లోదా 1900లోదా అని పండితులే కొట్టుకుంటున్నారమ్మా. ఇప్పుడు చూడ్డానికి దొరికేది 1900 నాటిదే అంటారు. అది పక్కన పెట్టు. పంతులు గారూ, 1938లో హవాస్ కొన్నది ఏంటి మరి? పాత సినిమాలు, హాళ్ళు, పేరు, అన్నీ. ఖాళీ కాగితం కొనలేదుగా?

లెక్కలపంతులు:
ఆస్తులు కొన్నారు. కంపెనీని కాదు. ఈ రెంటికీ తేడా తెలియాలంటే నా బతుకు చూడండి. నేను పదహారేళ్ళు అకౌంట్స్ చూసిన కంపెనీ మునిగిపోయింది. వేలంలో ఇంకొకాయన తీసుకున్నాడు. వారం తిరక్కుండా గేటు మీద బోర్డు: ‘40 ఏళ్ళ నమ్మకం’. సంతోషం. మా గ్రాట్యుటీ అడగడానికి పదిమందిమి వెళ్తే ఏమన్నాడో తెలుసా? "నేను పాత ఆస్తులు కొన్నా, పాత అప్పులు కొనలేదు. మీరు పనిచేసిన కంపెనీ చచ్చిపోయింది." అంటే నమ్మకానికి 40 ఏళ్ళు, బాకీకి వారం! అప్పటి నుంచి ఎవడైనా ‘స్థాపితం ఫలానా సంవత్సరం’ అని రాసుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పాప్‌కార్న్:
ఇది గోమాంట్ గురించి కాదు కదా పంతులు గారూ.

లెక్కలపంతులు:
గోమాంట్ గురించే.

రీలుబాబాయి:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ దాన్ని తీసుకొచ్చి పారిస్ కంపెనీ నెత్తిన రుద్దితే ఎలా? వాళ్ళేం చేశారో చూడండి. 1905లో పారిస్‌లో బ్యుట్-షోమాన్ దగ్గర కట్టిన స్టూడియో అప్పటికి ప్రపంచంలోనే పెద్దది. 1911లో క్లిషీ సెంటర్లో ఒక సర్కస్ హిప్పోడ్రోమ్‌ని సినిమా హాలు చేశారు, 3400 సీట్లు! మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే ఫెయాద్ అనే డైరెక్టర్ సీరియల్ సినిమాలు తీసి జనాన్ని వారం వారం హాలుకి లాక్కొచ్చాడు. 1975 ప్రాంతం నుంచి సేదూ కుటుంబం చేతిలో ఉంది. ఇప్పుడు నికొలా సేదూ కూతురు సిదోనీ దుమా చూసుకుంటోంది. ఇంత చరిత్రని ఒక దివాలా కాగితంతో కొట్టేస్తారా?

లెక్కలపంతులు:
మీరు చెప్పిన ఆ హాలుని 1973కల్లా కూలగొట్టారు. ఆ జాగాలో హోటలూ షాపులూ లేచాయి. 2017లో మిగతా హాళ్ళలో ఉన్న వాటా కూడా 38 కోట్ల యూరోలకి పాథే అనే ఇంకో సినిమా కంపెనీకి అమ్మేశారు. ఆ పాథే నడిపేది ఎవరనుకున్నారు, వీళ్ళ పెద్దాయన నికొలా సేదూ అన్నగారు జెరోమ్. అన్నదమ్ముల పంపకం. అంత గొప్ప చరిత్రయితే అమ్ముకోవడం ఎందుకు?

రీలుబాబాయి:
అమ్ముకోవడం వేరు, ఆగిపోవడం వేరు. మళ్ళీ అక్కడికే వస్తారేం?

అసోసియేట్_స్వాతి:
నేనేదో రాశాను. ఇద్దరూ దాని మీద నుంచి దాటుకుంటూ వెళ్ళిపోయారు. అలవాటే లెండి.

బాబాయ్ గారు మొదట్లో గర్వంగా చెప్పిన క్రోనోమెగాఫోన్ ఉంది కదా, దాన్ని నడిపించిన పాటల బిట్లలో వందకు పైగా ఆలిస్ గీ తీసినవే. ఆ పద్ధతి మన ప్లేబ్యాక్ లాంటిదే. ముందు గాయకుడి చేత డిస్కు రికార్డు చేయిస్తారు, తర్వాత సెట్లో అదే డిస్కు వేసి పెదాలు కదిపించి షూట్ చేస్తారు. హాల్లో ప్రొజెక్టర్ నీ గ్రామఫోన్ నీ కరెంటు తీగతో కలిపి, ఆపరేటర్ బొమ్మకీ శబ్దానికీ పొంతన చూసుకుంటూ ఉండాలి. పెద్ద హాలుకి గొంతు చాలకపోతే కంప్రెస్డ్ ఎయిర్ తో పెంచేవాళ్ళు, మెగాఫోన్ అన్నది అందుకే. 1905 నాటి ఒక ఫిల్మ్ ముక్క మిగిలింది, చూడండి. వెనక సెట్టింగు, ముందు గ్రామఫోన్ బూరాలు, ఆర్టిస్టులు వరుసగా నిలబడి ఉంటారు. పొడవాటి గౌనులో ఒకావిడ అటూ ఇటూ తిరుగుతూ అందర్నీ సర్దుతుంటుంది. డైరెక్టర్ ఆవిడే.

1906లో క్రీస్తు కథ 25 దృశ్యాల్లో, మూడు వందల మంది జూనియర్ ఆర్టిస్టులతో తీసింది. సినిమా చరిత్ర పుస్తకాల్లో చాలా ఏళ్ళు ఆ సినిమా ఆవిడ అసిస్టెంటు పేరు మీద ఉంది. 1907లో పెళ్ళి చేసుకుని అమెరికా వెళ్ళిపోయింది. 1930లో లియోన్ గోమాంట్ తన కంపెనీ చరిత్ర అచ్చు వేయించుకుంటే, అందులో 1907కి ముందు సినిమాలు తీశామన్న ఊసే లేదు. ఆవిడ ఉత్తరం రాసింది. సరిదిద్దుతానన్నాడు. 1946లో పోయాడు, సరిదిద్దిన పుస్తకం రానేలేదు.

అందుకని నాకు ఈ 1895, 1938 గొడవ నవ్వొస్తోంది. వాళ్ళే ఒకప్పుడు ఆ పన్నెండేళ్ళనీ కొట్టేసుకున్నారు!

గుంటూరు_మిర్చి:
ఇది నాకు తెలీదు. అక్కా, పాయింటే.

రీలుబాబాయి:
అమ్మా, నువ్వు కోప్పడకపోతే ఒకటి చెప్తా. ఆవిడ గొప్పదే. కానీ జీతానికి పనిచేసింది. కెమెరా ఆయనది, స్టూడియో ఆయనది, నష్టమొస్తే మునిగేదీ ఆయనే. ఎంత ప్రతిభ ఉన్నా డబ్బు పెట్టేవాడు లేకపోతే సినిమా లేదు. వెంకయ్య గారు స్టూడియో తాకట్టు పెట్టబట్టేగా మనం ఆయన పేరు తలుచుకుంటున్నాం, ఆ మిషను తిప్పిన ఆపరేటర్ పేరు ఎవరికి తెలుసు? లోకం తీరు అది.

అసోసియేట్_స్వాతి:
తెలియకపోవడం వేరు, తెలిసీ తీసేయడం వేరు.

మీరు ‘లోకం తీరు’ అన్నారు కాబట్టి చెప్తున్నా. కృష్ణానగర్‌లో ఒక చిన్న ఆఫీసులో ఏడాదిన్నర ఒక కథ మీద కూర్చున్నాను. సెకండాఫ్ మొత్తం నేను రాసిన సీన్ ఆర్డరే. రిలీజ్ రోజు మార్నింగ్ షోకి అమ్మని తీసుకెళ్ళి టైటిల్స్ అయ్యేదాకా స్క్రీన్ వైపు వేలు పెట్టి కూర్చున్నా, రాగానే చూపిద్దామని. రాలేదు. అడిగితే ప్రొడ్యూసర్ గారు మీలాగే అన్నారు: "జీతం ఇచ్చాం కదమ్మా." అదే మాట, అచ్చం.

రీలుబాబాయి:
నన్ను ఆ ప్రొడ్యూసర్ పక్కన నిలబెడుతున్నావా? నేను ముప్పై ఏళ్ళు థియేటర్ లీజుకి నడిపి నష్టపోయినవాణ్ణి. బొమ్మ ఆడకపోతే డైరెక్టరూ రచయితా ఇంకో సినిమాకి వెళ్ళిపోతారు, అప్పులవాళ్ళు వచ్చేది మా గుమ్మానికి. మా పేరు ఏ టైటిల్లో వేశారు? నష్టం భరించినవాడి మాట ఎవరూ ఎత్తరు. కళాకారుల కన్నీళ్ళకే చప్పట్లు.

అసోసియేట్_స్వాతి:
ఆలిస్ గీ కూడా నష్టపోయింది. అమెరికాలో 1910లో సోలాక్స్ అని సొంత కంపెనీ పెట్టింది, న్యూజెర్సీ ఫోర్ట్‌లీలో స్టూడియో కట్టింది. అదీ పోయింది. 1922లో ఫ్రాన్స్‌కి తిరిగొస్తే సినిమాల్లో పనిచ్చినవాడు లేడు. తను తీసిన సినిమాల కోసం వెతుక్కుంటే దొరకలేదు. డబ్బు పెట్టినవాడి లెక్కే చూసినా ఆవిడ పేరు ఉండాలి.

మోడరేటర్:
వ్యక్తిగత వ్యాఖ్యలు తగ్గించండి. ఇంకో రెండు ఇలాంటివి వస్తే థ్రెడ్ మూసేస్తాను.

రీలుబాబాయి:
మూయొద్దు బాబూ, చెప్పాల్సింది ఉంది. ఇప్పటి కంపెనీ ఆవిణ్ణి దాచలేదు. 2008లో తొలినాటి సినిమాల డీవీడీ సెట్టు వేశారు, అందులో ఫెయాద్ పక్కన ఆలిస్ గీ సినిమాలు ప్రత్యేకంగా ఉన్నాయి. 1934లో డైరెక్టర్ జాన్ వీగో ‘లతలాంత్’ని కోసేసి, సినిమా పేరు మార్చి, హిట్టు పాట ఒకటి ఇరికించి విడుదల చేసింది ఈ కంపెనీయే. ఆ తర్వాత నెల తిరిగీ తిరక్కుండా 29 ఏళ్ళకే అతను పోయాడు. 1990లో ఆ సినిమాని బాగుచేసి వేసిందీ గోమాంటే. తాతలు చేసిన తప్పుకి మనవళ్ళు ఎంత చేస్తే సరిపోతుంది?

లెక్కలపంతులు:
ఇదిగో, ఇక్కడే పట్టుబడ్డారు. మనవళ్ళు కాదు. వీళ్ళు వేరే కుటుంబం, వేరే కంపెనీ. 1938 తర్వాతి వాళ్ళయితే 1907 నాటి బాకీ వీళ్ళది కాదు. అలాగే 1895 గొప్ప కూడా వీళ్ళది కాదు. రెండూ వదిలేస్తే లెక్క సరిపోతుంది. స్వాతి గారూ, మీరు నా వైపే అనుకుంటున్నా.

అసోసియేట్_స్వాతి:
కాదండీ పంతులు గారూ. మీ లెక్క ఒప్పుకుంటే మీ కంపెనీ కొన్నాయన గెలిచినట్టే. "చచ్చిపోయింది" అన్నాడు కదా, మీరూ అదే అంటున్నారు. నాకు అది వద్దు. ఇది 1895 నాటి కంపెనీయే అని రాసి సంతకం పెట్టమంటాను. అప్పుడే ఆవిడకి బాకీ ఉందని అడగగలం.

పాప్‌కార్న్:
ఆగండాగండి. అంటే స్వాతి గారు బాబాయి గారి వైపు వచ్చేశారా??

రీలుబాబాయి:
అయితే ఆగలేదని ఒప్పుకున్నట్టేగా! పంతులు గారూ, విన్నారా?

అసోసియేట్_స్వాతి:
ఒప్పుకున్నా. 130 ఏళ్ళు. ఇప్పుడు మీరు చెప్పండి. మీరు మొదటి పోస్టులో రాసిన ఆ గొప్ప పేర్లలో లియోన్ ఉన్నాడు, ఈఫిల్ ఉన్నాడు, వెంకయ్య గారున్నారు. ఆవిడ పేరు ఎందుకు లేదు?

రీలుబాబాయి:
పోస్టు పొడవైపోతుందని.

గుంటూరు_మిర్చి:
🙏🙏

ఓటీటీరాజా:
ఎడిట్ ఆప్షన్ ఉంది బాబాయ్. పైన మూడు చుక్కల మీద నొక్కండి.

రీలుబాబాయి:
నా పోస్టు నా ఇష్టం. ఆవిడ గురించి రాయాలనుకుంటే వేరే థ్రెడ్ మొదలుపెట్టుకోండి, నేనూ వచ్చి లైక్ కొడతా.

లెక్కలపంతులు:
మీ ఇద్దరూ ఒప్పుకున్నారు గానీ నేను ఒప్పుకోలేదు. 1938.