స్పార్క్‌స్టేషన్ 5 సీడీ నుంచి బూట్ అవట్లేదు: డ్రైవ్ తప్పా, డిస్కు తప్పా, సీడీయే కావాలనే మన మొండితనం తప్పా?

పాత ఇనుము

మిషను సన్ కంపెనీ తొంభైల నాటి వర్క్‌స్టేషన్, స్పార్క్‌స్టేషన్ 5, 110 మెగాహెర్ట్జ్. లోపల హార్డ్ డిస్క్ ఖాళీ. సన్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ 2.6 ఎక్కిద్దామని కూర్చున్నా. సీడీ డ్రైవ్ దాంతో వచ్చింది కాదు, ఒక పాత పీసీలోంచి పీకిన స్కజీ (డ్రైవ్‌లు తగిలించే పాత కేబుల్ పద్ధతి) డ్రైవ్. బయటి డబ్బాలో బిగించి, ఆ కేబుల్ మీద దాని నంబరుగా ఐడీ 6 ఇచ్చా.

మిషను ఆదేశం కోసం ఆగే ఓకే ప్రాంప్ట్ దగ్గర ‘బూట్ సీడీరామ్’ కొడితే డ్రైవ్ లైటు రెండుసార్లు మిణుకుమంటుంది. తర్వాత వరసగా ‘కాంట్ రీడ్ డిస్క్ లేబుల్’, ‘కాంట్ ఓపెన్ డిస్క్ లేబుల్ ప్యాకేజ్’, ‘కాంట్ ఓపెన్ బూట్ డివైస్’. అంతే, మళ్లీ ఓకే. అదే డిస్కు లాప్‌టాప్‌లో పెడితే ఫైళ్లన్నీ శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. పైగా ఆన్ చేసిన ప్రతిసారీ ఐడీప్రామ్ (మిషను గుర్తింపు వివరాలు) చెల్లదని ఒకటే గోల.

తెలిసినవాళ్లను అడిగితే సగం మంది డ్రైవ్ పారెయ్యమన్నారు, సగం మంది ఈ రోజుల్లో సీడీ ఏంటని నవ్వారు. ఇక్కడ కొట్టుకునైనా ఒక మాట తేల్చండి.

చిక్కుతీగ

కొట్టుకోవడానికేం లేదండీ, డ్రైవే. పీసీ డ్రైవ్ అన్నారు చూడండి, అక్కడే ఆగిపోయా.

సీడీ మీద డేటా సెక్టారుకి 2048 బైట్లు. పీసీ డ్రైవ్ అలాగే లెక్కపెట్టి అలాగే ఇస్తుంది. ఆ కాలపు సన్ ప్రామ్‌కి, అంటే మిషనుని బూట్ చేసే చిప్పులోని ప్రోగ్రాముకి, మాత్రం సీడీ అయినా హార్డ్ డిస్క్ అయినా బ్లాకు అంటే 512 బైట్లే. ఒక బ్లాకు అడిగితే డ్రైవ్ నాలుగు బ్లాకుల సరుకు కుమ్మరిస్తుంది, ప్రామ్ కంగారుపడి చదవలేనంటుంది. ఒకవేళ ఎలాగో చదివినా, నాలుగో బ్లాకు అంటే ప్రామ్ లెక్కలో 2048వ బైటు, డ్రైవ్ లెక్కలో 8192వ బైటు. ఇద్దరూ ఒకే నంబరు పలుకుతూ వేరే వేరే చోట్లకి పోతారు. లాప్‌టాప్‌కి 2048 అలవాటే కాబట్టి అక్కడ తెరుచుకోవడం సాక్ష్యం కాదు.

డ్రైవ్ వెనక జంపర్లు, అంటే సెట్టింగు మార్చే చిన్న పిన్ను క్లిప్పులు, చూడండి. ప్లెక్స్‌టర్ స్కజీ మోడళ్లలో కొన్నింటికి ‘బ్లాక్’ అని జంపర్ ఉంటుంది, మారిస్తే 512 ఇస్తుంది. పాత తోషిబాల్లో కొన్నింటికి బోర్డు మీద సోల్డర్ ప్యాడ్లుంటాయి. ఏదీ లేకపోతే ఆ డ్రైవ్‌కి దండం పెట్టి ఇంకోటి వెతుక్కోండి.

కొలిమి

చిక్కుతీగ గారు చెప్పిన 512 లెక్కలో తప్పు లేదు. కానీ ఇది ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది. ప్రతి సన్ మిషను గొడవకీ 512 అనేయడం మనకో జబ్బయిపోయింది. ఆ డ్రైవ్ ప్రామ్‌కి కనిపిస్తోందా లేదా అన్నది కూడా ఇంకా అడగలేదు మనం.

ముందు ‘ప్రోబ్-స్కజీ’ కొట్టండి, తగిలించిన డ్రైవ్‌లేమిటో చూపిస్తుంది. అదీ ‘రీసెట్’ చేశాకే కొట్టాలి, లేకపోతే కొన్ని మిషన్లు అక్కడే బిగుసుకుపోతాయి. టార్గెట్ 6 (అదే ఐడీ 6) దగ్గర రిమూవబుల్ రీడ్ ఓన్లీ డివైస్ అని, పక్కన డ్రైవ్ పేరు వస్తుంది. సన్ అమ్మిన డ్రైవ్ అయితే ఆ పేరు మధ్యలోనే ‘సన్’ అని అక్షరాలుంటాయి. తోషిబా ఎక్స్‌ఎం-5401లకి అలా చూశా.

నా అసలు అనుమానం డిస్కు మీద. పాత ఇనుము గారూ, ఆ సీడీ ఎలా తయారు చేశారు? ఒరిజినలా, కాపీనా? కాపీ అయితే బిట్టుకి బిట్టు తీశారా, ఫైళ్లు లాగి మళ్లీ ఐసో (సీడీ మొత్తం ఒకే ఫైలుగా) కట్టారా?

ఎందుకంటే సొలారిస్ సీడీ పైకి ఐసో 9660లా, అంటే సీడీల్లో ఫైళ్లు పేర్చే మామూలు పద్ధతిలా, కనిపించే దొంగ. ఐసో పద్ధతిలో మొదటి 16 సెక్టార్లు, అంటే 32768 బైట్లు, ఎవరికీ అక్కర్లేని ఖాళీ జాగా. సన్ వాళ్లు ఆ ఖాళీలో మొదటి 512 బైట్లలో తమ డిస్క్ లేబుల్ దూర్చారు, హార్డ్ డిస్క్‌కి రాసే లేబులే. అందులో స్లైసుల, అంటే డిస్కుని విడగొట్టిన భాగాల, పట్టిక ఉంటుంది. సున్నా స్లైసులో మనకి లాప్‌టాప్‌లో కనిపించే ఫైళ్లు. ఆ తర్వాతి స్లైసుల్లో యూనిక్స్ ఫైల్ సిస్టమ్ యూఎఫ్‌ఎస్, అందులో ఒక్కో రకం మిషనుకి ఒక్కో బూట్ స్లైసు. ‘డివ్‌ఏలియాస్’ కొట్టి సీడీరామ్ లైను చివర చూడండి, కోలన్ పక్కన ‘డి’ ఉంటుంది. ఏని సున్నాగా లెక్కపెడితే డీ మూడో స్లైసు, సన్4ఎం వాళ్లది, అంటే స్పార్క్‌స్టేషన్ 5 రకం మిషన్లది. సన్ అల్ట్రా మిషన్లయితే అదే చోట ‘ఎఫ్’, సన్4యూ వాళ్లది.

లాప్‌టాప్‌కి సున్నా స్లైసు తప్ప మిగతావి కంటికి ఆనవు. అక్కడ ఫైళ్లు కాపీ చేసి కొత్త ఐసో కడితే లేబులూ పోతుంది, బూట్ స్లైసులూ పోతాయి. చూడ్డానికి మాత్రం అచ్చం అలాగే ఉంటుంది.

నెట్‌దారి

ఇద్దరి పాండిత్యానికీ నమస్కారం. నాదొకటే ప్రశ్న: ఈ తిప్పలన్నీ ఎందుకు? ముప్పై ఏళ్ల కిందటి లేజరు, గట్టిపడిన రబ్బరు బెల్టు, కారిపోయే కెపాసిటర్లు. ఈ రోజు బాగుచేస్తే వచ్చే ఏడాది మళ్లీ ఇదే కథ. స్కజీ డ్రైవ్‌లా నటించే ఎమ్యులేటర్ బోర్డు, బ్లూస్కజీయో జూలూస్కజీయో స్కజీ2ఎస్‌డీయో ఒకటి పెట్టుకోండి, మెమరీ కార్డులో ఇమేజ్ వేయండి, అరగంటలో అయిపోతుంది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ‘బూట్ నెట్’, అంటే నెట్‌వర్క్ మీద బూట్. లైనక్స్ పెట్టె ఏదైనా ఒకటుంటే చాలు.

కొలిమి

‘బూట్ నెట్’ అని రెండు ముక్కల్లో అనేశారు. చేయబోయేవాళ్ల కోసం అది కాస్త విప్పి చెప్తా.

ఆ కాలపు సన్ ప్రామ్ ఐపీ అడ్రసు కోసం ఇప్పటి పద్ధతి డీహెచ్‌సీపీ అడగదు, పాత పద్ధతి రార్ప్ అడుగుతుంది. ఇంట్లో రౌటర్ దానికి పలకదు, కాబట్టి రార్ప్ సర్వర్ విడిగా నడపాలి. అది ఐపీ ఇచ్చాక మిషను టీఎఫ్‌టీపీ అనే ఫైళ్ల పంపకం పద్ధతిలో ఒక ఫైలు అడుగుతుంది. ఆ ఫైలు పేరు మిషను ఐపీయే, హెక్సాలో, పెద్దక్షరాల్లో, చివర చుక్క పెట్టి సన్4ఎం. 192.168.1.2 అయితే ‘సీ0ఏ80102.సన్4ఎం’. ఒక్క అక్షరం చిన్నది పడినా మిషను మౌనవ్రతం. ఆ తర్వాత ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే బూట్‌పారామ్స్, దాని తర్వాత నెట్‌వర్క్ మీద ఆ ఫైళ్లిచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్. నాలుగు తలుపులు, నాలుగు తాళాలు.

అన్నిటికన్నా ముఖ్యం, రార్ప్ నడిచేది ఈథర్‌నెట్ అడ్రసు మీద. ఐడీప్రామ్ చెల్లదని అరుస్తోందంటే ఆ వివరాలు దాచే ఎన్‌వీరామ్ చిప్పులో బ్యాటరీ పోయింది, అడ్రసు కూడా దాంతోనే పోయింది. అన్నీ ఎఫ్‌ఎఫ్‌లు వస్తాయి. అది బ్రాడ్‌కాస్ట్ అడ్రసు, దాంతో ఏ మిషనూ నేనే ఫలానా అని చెప్పుకోలేదు. కాబట్టి పాత ఇనుము గారికి నెట్ దారి ఇప్పటికి మూసే ఉంది. సీడీ బూట్‌కి అడ్డుపడుతున్నది మాత్రం ఈ ఐడీప్రామ్ కాదు. లేబుల్ చదవలేకపోవడం వేరే జబ్బు.

నెట్‌దారి

ఎన్‌వీరామ్ సంగతి నేను మర్చిపోయిన మాట నిజమే. ప్రామ్‌లోని ‘ఎంకేపీ’ కమాండుతో సన్ వాళ్ల 08:00:20 మొదలు పెట్టి అడ్రసు చేత్తో రాసుకోవచ్చు కదా. పవర్ తీసేదాకా ఉంటుంది.

చిక్కుతీగ

రాయొచ్చు, తప్పులేకుండా, సరిచూసే అంకె చెక్‌సమ్‌తో సహా టైపు చేయగలిగితే. ఆన్ చేసిన ప్రతిసారీ. ఇదేనా మీ అరగంట?

టెర్మినేటరెక్కడ

దారినపోతూ ఒక మాట. బయటి డబ్బా అన్నారు, దాని చివర టెర్మినేటర్, అంటే కేబుల్ కొసన సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే ముక్క, ఉందా? ప్రోబ్‌లో డ్రైవ్ పేరు వచ్చినంత మాత్రాన కేబుల్ బాగున్నట్టు కాదు. పేరు చెప్పడం పొట్టి మాట, సెక్టార్లు చదవడం పొడుగు మాట. చిన్న మాటకి సరిపోయిన వైరు పెద్ద మాటకి తడబడుతుంది. అన్నట్టు ఒకే డ్రైవ్ అన్ని ఐడీల్లోనూ కనిపిస్తే దాని ఐడీ కంట్రోలర్ తాలూకు 7తో తగులుకున్నట్టు, అది ముందు మార్చండి.

పాత ఇనుము

అందరికీ ఒకేసారి జవాబు.

ప్రోబ్-స్కజీలో టార్గెట్ 6 దగ్గర ఒక్కచోటే కనిపిస్తోంది. పేరులో ‘సన్’ లేదు. వెనక జంపర్లు ఐడీకీ, టెర్మినేషన్‌కీ, ప్యారిటీకీ మాత్రమే. టెర్మినేటర్ ఉంది, వేరేది మార్చి కూడా చూశా, అదే మాట.

డిస్కు సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒరిజినల్ నా దగ్గరే ఉంది, దాని మీద గీతలు పడతాయని దాచి, ఫైళ్లు ఒక ఫోల్డర్లోకి లాగి, ఐసో కట్టి, సీడీ-ఆర్‌డబ్ల్యూ మీద రాశా.

కొలిమి

చెప్పానా.

చిక్కుతీగ

ఏం చెప్పారు? డ్రైవ్‌లో 512 లేదని ఆయనే అంటున్నారు. మీ లేబుల్ కథ నిజమైతే ప్రామ్ ‘బ్యాడ్ మ్యాజిక్ నంబర్ ఇన్ డిస్క్ లేబుల్’ అనాలి, ‘కాంట్ రీడ్’ అనకూడదు. చదవలేకపోవడం వేరు, చదివాక అది లేబుల్ కాదని తేలడం వేరు. ఆయనకి వచ్చింది మొదటిది. కాబట్టి డ్రైవే.

కొలిమి

ఆ తేడా గట్టి పాయింటే, ఒప్పుకుంటా. కానీ మొదటి గుమ్మం దాటనివాడికి రెండో గుమ్మంలో ఏముందో ఎలా తెలుస్తుంది? డ్రైవ్ తప్పు ఉన్నంతకాలం డిస్కు తప్పు బయటికి రాదు. అంతేగానీ డిస్కు మంచిదని కాదు.

తేల్చుకోవడం తేలిక. ఐసో ఫైలుని హెక్స్‌లో తెరిచి, సున్నా నుంచి లెక్కపెట్టి 508, 509 బైట్లు చూడండి. సన్ లేబుల్ ఉంటే దాని గుర్తు, మ్యాజిక్ నంబర్ ‘డీఏ బీఈ’, ఉంటుంది. సున్నాలుంటే ఆ డిస్కు ఏ డ్రైవ్‌లో పెట్టినా బూట్ కాదు.

గుండ్రటిపళ్లెం

నేను సీడీ పక్షమే, కానీ ఆర్‌డబ్ల్యూ మాత్రం వద్దండీ. ఫ్యాక్టరీలో అచ్చేసిన సీడీ వెలుతురుని 70 శాతం పైన తిప్పి పంపిస్తుంది. ఆర్‌డబ్ల్యూ పావు వంతు పంపడమే గొప్ప. 90ల మొదట్లో వచ్చిన డ్రైవ్‌లు దాన్ని డిస్కుగానే గుర్తించవు. సీడీ-ఆర్ వాడండి, తక్కువ వేగంలో రాయండి.

మా ఇంట్లో ఎస్‌జీఐ కంపెనీ వర్క్‌స్టేషన్ ఇండీ ఉంది, అక్కడా ఇదే 512 గొడవ. దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఐరిక్స్ డిస్కులు ఇంకో మెట్టు పైన: అవి ఐసోయే కాదు, ఎస్‌జీఐ సొంత ఫైల్ సిస్టమ్ ఈఎఫ్‌ఎస్. మామూలు పీసీలో పెడితే అందులో ఏముందో దానికి అర్థం కాదు. ఒక రకంగా అదే మేలు. ఫైళ్లు లాగి ఐసో కట్టాలన్న బుద్ధి ఎవరికీ పుట్టదు.

ఎమ్యులేటర్ వాళ్లకి ఒక్కటే చెప్తా. ఆ ట్రే బయటికి వచ్చి, డిస్కు తిరగడం మొదలయ్యే ఆ చప్పుడు లేకపోతే అది స్పార్క్‌స్టేషన్ కాదు, స్పార్క్‌స్టేషన్ ఫొటో.

నెట్‌దారి

చప్పుడు కావాలంటే ఫ్యాను ఉందిగా.

పాత ఇనుము

రెండు వారాల తర్వాత వస్తున్నా. మీ ఇద్దరి వాదనా ఒక్క మిషనులోనే తేలింది.

తెలిసినాయన దగ్గర బ్లాక్ జంపర్ ఉన్న ప్లెక్స్‌టర్ దొరికింది. జంపర్ మార్చి, డిస్కు మార్చకుండా, పాత ఆర్‌డబ్ల్యూనే పెట్టా. కావాలనే, ఒకసారికి ఒక్కటే మారుద్దామని. ‘బూట్ సీడీరామ్’. ఈసారి వచ్చిన మాట: ‘బ్యాడ్ మ్యాజిక్ నంబర్ ఇన్ డిస్క్ లేబుల్’. బూట్ కాకపోయినా నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. జబ్బు మారింది! ఐసో తెరిచి చూశా, 508 దగ్గర రెండూ సున్నాలే.

తర్వాత ఒరిజినల్‌ని లైనక్స్‌లో బిట్టుకి బిట్టు కాపీ చేసే ‘డీడీ’తో మొత్తం ఇమేజ్ తీశా. 508 దగ్గర డీఏ, పక్కనే బీఈ. సీడీ-ఆర్ మీద నిదానంగా రాసి పెడితే బూట్ అయింది. మళ్లీ పాత పీసీ డ్రైవ్‌లో అదే మంచి డిస్కు పెట్టి చూశా, ‘కాంట్ రీడ్’. అంటే రెండు తప్పులూ నిజమే, ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి.

నెట్‌దారి

శుభం. కానీ లెక్క చూసుకోండి: రెండు వారాలు, ఒక డ్రైవ్ వెతుకులాట. ఎమ్యులేటర్‌లో సెక్టార్ సైజు సెట్టింగులో 512 అని రాస్తే ఆ రోజే అయిపోయేది.

కొలిమి

అయ్యేది కాదు. ఆ రోజు ఆయన దగ్గర ఉన్న ఇమేజ్ ఏది? లేబుల్ లేనిది. మీ ఎమ్యులేటర్ దాన్ని అంతే నమ్మకంగా 512 ముక్కలు చేసి ఇచ్చేది, ప్రామ్ అంతే నమ్మకంగా బ్యాడ్ మ్యాజిక్ అనేది. అప్పుడు మీరేమనేవారు? ఫర్మ్‌వేర్ మార్చు, కార్డు మార్చు అని ఇంకో వారం. డ్రైవ్ తప్పుని ఎమ్యులేటర్ దాటిస్తుంది, ఇమేజ్ తప్పుని మోసుకొస్తుంది.

నెట్‌దారి

ఇమేజ్ మాట ఒప్పుకుంటా. డ్రైవ్ మాట ఒప్పుకోను. ఆ ప్లెక్స్‌టర్ కూడా ఒక రోజు పోతుంది, అప్పుడు జంపర్ ఉన్న ఇంకోటి దొరకదు.

చిక్కుతీగ

దొరికినన్నాళ్లు వాడదాం. నేను మొదటి పోస్టులో డ్రైవే అన్నా, సగం నెగ్గా. సగం కొలిమి గారికి ఇచ్చేస్తున్నా.

పాత ఇనుము

నెట్‌దారి గారూ, డీడీ ఇమేజ్ మూడు చోట్ల దాచా, ఎమ్యులేటర్ కొన్నరోజున మీ మాట కూడా చెల్లుతుంది. ప్రస్తుతానికి ప్లెక్స్‌టర్‌లో రెండో డిస్కు తిరుగుతోంది, గుండ్రటిపళ్లెం గారు చెప్పిన చప్పుడుతో సహా.

ఇక మిగిలింది ఆ ఎన్‌వీరామ్, ఎం48టీ08 చిప్పు. పైన ప్లాస్టిక్ టోపీ కోసి, లోపలి బ్యాటరీ తెంపి, బయట 3 వోల్టుల నాణెం సెల్ కట్టాలంటున్నారు. సోల్డరింగ్ నాకు పర్వాలేదు, ఆ కోయడమే చేతులు వణికిస్తోంది. ఏ పక్క నుంచి మొదలుపెట్టాలో చేసినవాళ్లెవరైనా ఫొటో పెట్టండి. దీనికి మాత్రం దయచేసి రెండు పక్షాలు కట్టొద్దు.